“నిష్‌ప్రయోజకులమైన దాసులము”: ఈ మాట ఎవరు, ఎవరితో అనాలి?

మొదటి పోస్టు

అందరికీ వందనాలు. లూకా సువార్త 17వ అధ్యాయం 10వ వచనంలోని ఒక మాట గురించి అడుగుతున్నాను. మనం చదివే పాత తెలుగు బైబిల్లో ఆ వచనం ఇలా ఉంది: “అటువలె మీరును మీకు ఆజ్ఞాపింపబడినవన్నియు చేసిన తరువాత మేము నిష్‌ప్రయోజకులమైన దాసులము, మేము చేయవలసినవే చేసియున్నాము” అని చెప్పమంటాడు యేసు.

నేను పదకొండేళ్లుగా సండేస్కూల్లో పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. ఆమధ్య పిల్లల సంఖ్య బాగా పెరిగింది, ఒక్కదాన్నే చూసుకోలేక ఇంకొకరిని తోడు ఇవ్వమని అడిగాను. బాధ్యతలో ఉన్న ఒక పెద్ద ఈ వచనం చదివి, “సిస్టర్, మనమందరం నిష్‌ప్రయోజకులమైన దాసులం, సేవలో సణుగుడు ఉండకూడదు” అన్నారు. అప్పుడు ఏమీ మాట్లాడలేదు. ఇంటికి వచ్చాక ఏడుపు ఆగలేదు. ఆ ఏడుపులో బాధ ఎంత, గర్వం ఎంత అని నన్ను నేను అడుగుతూనే ఉన్నాను.

ఇక్కడ నా సందేహం మాట గురించి. పిల్లలు చేతికి అందివస్తే “ప్రయోజకులయ్యారు” అంటాం. అందిరాకపోతే “అప్రయోజకుడు” అని బాధపడతాం. మరి నిష్‌ప్రయోజకుడంటే పనికిరానివాడనేగా మనకు వినిపించేది? ఆజ్ఞాపించినవన్నీ చేసినవాళ్లు “మేం పనికిరానివాళ్లం” అంటే అది నిజం కాదు కదా. ఉన్నది లేదని చెప్పడమే వినయమా? మూలంలో ఏముందో తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

జవాబు

సిస్టర్, వందనాలు. మీ ప్రశ్న చదివాక గ్రీకు పాఠం తెరిచి చాలాసేపు చూశాను. వేదాంత కళాశాలలో చదువుకున్న కొంత గ్రీకు నాకింకా మిగిలి ఉంది. దాన్నిబట్టి చెప్పగలిగింది చెబుతాను.

అక్కడున్న మాట “అఖ్రేయొస్”. “ఖ్రేయా” అంటే అవసరం, అక్కర. ముందున్న “అ” మన అసత్యం, అన్యాయంలో ఉన్నట్టే, లేదు అని చెప్పే అక్షరం. మన నుడికారంలో చెప్పాలంటే “అక్కరకు రానివాడు”. కాబట్టి మీకు వినిపించింది తప్పు కాదు, మాట కటువైనదే. దాన్ని మెత్తగా చేసి మిమ్మల్ని ఓదార్చాలని నాకు లేదు.

కానీ కొత్త నిబంధన మొత్తంలో ఈ మాట రెండేసార్లు వస్తుంది. ఒకటి మీరు అడిగిన చోటు. రెండోది మత్తయి 25:30, తలాంతుల ఉపమానం, అంటే యజమాని తన డబ్బు దాసులకు అప్పగించి వెళ్లిన కథ. అక్కడ మన తెలుగు అనువాదకులు ఇదే మాటకు వేరే తెలుగు వాడారు: “పనికిమాలిన ఆ దాసుని వెలుపటి చీకటిలోనికి త్రోసివేయుడి.” లాటిన్ బైబిల్లో రెండు చోట్లా ఒకే మాట, 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లోనూ రెండు చోట్లా ఒకే మాట. మన తెలుగులో మాత్రం ఒకచోట “నిష్‌ప్రయోజకులమైన”, ఇంకోచోట “పనికిమాలిన”. ఒకే గ్రీకు మాటకు ఒకే తెలుగు మాట ఉండాలనేవాళ్లకు ఇది లోపంగా కనిపించవచ్చు. నాకు మాత్రం అనువాదకులు చెవిపెట్టి విన్నారనిపిస్తుంది. మత్తయిలో ఆ మాట అన్నది యజమాని. ఎవరిని అన్నాడు? తలాంతును భూమిలో దాచిపెట్టి, ఏమీ చేయనివాణ్ణి. లూకాలో అన్నది దాసుడు. తన గురించి తాను, అది కూడా అన్నీ చేసిన తరువాత. యజమాని నోట తీర్పుగా వచ్చే మాట దాసుడి నోట తీర్పు కాదు. తెలుగులో “పనికిమాలిన” అంటే తిట్టు. ఆ తిట్టును లూకాలోకి రానివ్వలేదు వాళ్లు.

ఇంకొకటి. పాత నిబంధన గ్రీకు అనువాదంలో ఇదే మాట దావీదు నోట వస్తుంది. దేవుని మందసం (ఆజ్ఞల పలకలున్న పవిత్రమైన పెట్టె) ముందు నాట్యమాడినందుకు భార్య మీకాలు తూలనాడితే, రెండవ సమూయేలు 6:22లో దావీదు ఇచ్చిన జవాబు మీకు గుర్తుండే ఉంటుంది. మన బైబిల్లో “అల్పుడనై” అని ఉన్నచోట గ్రీకులో “అఖ్రేయొస్”. అక్కడ దాని అర్థం పనికిరానివాడని కాదు, తక్కువవాడని. రాజుగా ఉండి, దేవుని ఎదుట తన హోదాను లెక్కలోకి తీసుకోనివాడు. మీ వచనానికి దగ్గరి చుట్టం ఇదేనని నా అభిప్రాయం.

ఇప్పుడు వచనంలో రెండో సగం చూడండి. అసలు విషయం అక్కడే ఉంది. “చేయవలసినవే” అన్నదానికి గ్రీకులో ఉన్నది అప్పుకు సంబంధించిన క్రియ. “మేం బాకీ ఉన్నది చేశాం” అని. ప్రభువు ప్రార్థనలో “మా ఋణములు క్షమించుము” అంటాం కదా, ఆ ఋణం మాట దీని కుటుంబమే. రోమా 1:14లో పౌలు “నేను ఋణస్థుడను” అన్నదీ దీని కుటుంబమే. అంటే దాసుడు అక్కడ తన విలువ ఎంతో చెప్పడం లేదు, లెక్క చెబుతున్నాడు. బాకీ తీర్చినవాడు రసీదు అడగవచ్చు, సన్మానం అడగడు. “ప్రభువా, ఇంత చేశాను కాబట్టి నువ్వు నాకు బాకీపడ్డావు” అనే ఆలోచన మొలకెత్తే చోట ఈ వాక్యం నిలబడుతుంది.

పైనున్న వచనాలతో కలిపి చదివితే ఇది ఇంకా తేటపడుతుంది. 4వ వచనంలో రోజుకు ఏడుసార్లు తప్పుచేసి ఏడుసార్లు మారుమనస్సు పొందానని వచ్చిన సహోదరుణ్ణి క్షమించమన్నాడు. వెంటనే అపొస్తలులు “మా విశ్వాసము వృద్ధిపొందించుము” అని అడిగారు. ఆ తరువాతే ఈ దాసుడి కథ: పొలం పని చేసి వచ్చినా దాసుడు ముందు యజమానికి వడ్డించాలి, తన భోజనం ఆ తరువాతే. ఏడుసార్లు క్షమించినవాడికి తను చాలా గొప్ప పని చేశాననిపిస్తుంది. అనిపించడం సహజం. అతనికి చెబుతున్న మాట ఇది.

మరో జవాబు

ఆ పెద్ద అన్నది తెలుగు వ్యాకరణం ప్రకారం చూసినా ఈ వచనం కాదు సిస్టర్. బైబిల్లో “మేము” అని ఉంది. ఆయన “మనమందరం” అన్నారు. ఈ తేడా చాలా భాషల్లో కనపడదు, గ్రీకులోనూ కనపడదు, తెలుగులో తప్పించుకోలేం. “మనం” అంటే వింటున్నవాళ్లు కూడా అందులో ఉంటారు. “మేము” అంటే వింటున్నవాళ్లు బయట ఉంటారు. గ్రీకులో ఒకే రూపం ఉన్నచోట తెలుగు అనువాదకుడు ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. “మేము” ఎంచుకున్నాడు. అంటే దాసులు ఈ మాట యజమానివైపు తిరిగి చెబుతున్నారు. పక్కనున్న తోటి దాసుడివైపు తిరిగి కాదు.

“మేము నిష్‌ప్రయోజకులం” అంటే ప్రార్థన. “మనం నిష్‌ప్రయోజకులం” అనగానే అది ఎదుటివాళ్లకు బోధ అయిపోతుంది. “మీరు నిష్‌ప్రయోజకులు” అనడానికి ఈ వచనంలో చోటే లేదు. తోడు కావాలని అడిగిన మనిషికి జవాబుగా ఈ మాట అనడం అంటే, ప్రార్థనను తీసుకెళ్లి ఆమె నోరు మూయడానికి వాడటమే. పదకొండేళ్లు చేసినవాళ్లను అలా అనడం నాకు బాధ కలిగించింది.

మరో జవాబు

పైన చెప్పినవన్నీ ఒప్పుకుంటాను. కానీ ఈ వచనం నాకు మందులా పనిచేసింది, అది కూడా చెప్పాలి.

నేను ఆరేళ్లు క్వయర్ నడిపాను. ఒక క్రిస్మస్ కార్యక్రమం అయ్యాక వందన సమర్పణలో అందరి పేర్లూ చదివారు, నా పేరు చదవలేదు. మరిచిపోయారంతే. నాకు మాత్రం రెండు వారాలు నిద్ర సరిగా పట్టలేదు. ఎవరైనా పలకరిస్తే ముక్తసరిగా మాట్లాడేవాణ్ణి. “నేను లేకపోతే వచ్చే ఏడు ఎలా చేస్తారో చూద్దాం” అని కూడా లోపల అనుకున్నాను. పాడింది దేవుని జననం గురించి, నా మనసులో నడుస్తున్నది నా పేరు గురించి. ఆ రోజుల్లోనే ఈ భాగం చదివాను. 9వ వచనం దగ్గర ఆగిపోయాను: “ఆ దాసుడు ఆజ్ఞాపింపబడిన పనులు చేసినందుకు వాడు దయ చూపెనని వానిని మెచ్చునా?” నేను ఎదురుచూసింది మెప్పు కోసమని అప్పుడు అర్థమైంది. ఎవరూ నన్ను ఈ వచనంతో కొట్టలేదు కాబట్టి అది నాలోపలికి వెళ్లింది. అదే ఎవరైనా వేలు చూపించి చదివి ఉంటే నేను సంఘమే మానేసేవాణ్ణేమో.

అక్కా, మీ ఏడుపులో గర్వం ఎంత అని అడిగారు. అలా అడుగుతున్నారంటేనే... ఏం చెప్పాలో తెలియడం లేదు. నేనైతే ఆ రెండు వారాల్లో ఒక్కసారి కూడా అలా అడగలేదు.

మరో జవాబు

ఫిలేమోను పత్రిక 11వ వచనం కూడా చూడండి. ఒనేసిము నిజంగానే ఫిలేమోనుకు దాసుడు, ఉపమానంలోని దాసుడు కాదు. అతని పేరుకు గ్రీకులో ప్రయోజనకరుడు అని అర్థం. పౌలు ఆ పేరు మీదే మాట ఆడుతూ, ఇతను మునుపు నీకు నిష్‌ప్రయోజనమైనవాడు, ఇప్పుడు నీకూ నాకూ ప్రయోజనకరమైనవాడు అని రాశాడు. గ్రీకు మాట కొంచెం వేరైనా “ఖ్రే” మూలం అదే. ఒకరి పని గురించి మనం మాట్లాడేటప్పుడు పౌలు చూపిన దారి ఇది, ప్రయోజనకరమైనవాడు అని ఎదుటే చెప్పేశాడు.

ఇంకో సంగతి. ఇప్పుడు మన మధ్య “తగ్గింపు” అనే మాట బాగా నడుస్తోంది. “ఆయనలో చాలా తగ్గింపు ఉంది” అంటాం. “తగ్గించుకొనువాడు హెచ్చింపబడును” నుంచి వచ్చిన చక్కని తెలుగు మాట, వినయం కంటే నాకిదే ఇష్టం. ఎందుకంటే వినయం పైకి కనిపించే ప్రవర్తనకు కూడా చెల్లుతుంది, తగ్గించుకోవడం క్రియ, ఎవరికి వారు చేసుకోవాలి. “ఆయన హెచ్చవలసియున్నది, నేను తగ్గవలసియున్నది” అని బాప్తిస్మమిచ్చు యోహాను యేసు గురించి అన్నాడు కానీ “మీరు తగ్గాలి” అనలేదు.

అయితే ఏ మాటైనా బిరుదైపోవచ్చు. 590లో పోపు అయిన గ్రెగొరీ తనను తాను దేవుని దాసుల దాసుడినని రాసుకునేవారు. మన “దాసానుదాసుడు” లాంటిదే. తరవాత కాలంలో అది పోపుల ఉత్తరాల్లో ఖాయమైన బిరుదయింది. మన “సేవకుడు”, “దైవజనుడు” కూడా అలాగే అయ్యాయి. పనిచేసేవాడి పేరు కాస్తా వేదిక మీద పిలిచే పేరు అయింది. పౌలు కొలొస్సయులకు రాసేటప్పుడు “అతివినయాసక్తుడు” ఒకడి గురించి హెచ్చరించాడు (2:18). ఫిలిప్పీ 2:3లో “వినయమైన మనస్సు” అని మెచ్చుకున్న గ్రీకు మాటే అక్కడ అనుమానంగా చూడవలసినదైంది. అదే మాట, ఒకచోట మంచిది, ఒకచోట వేషం. పక్కన “అతి” చేర్చి తెలుగు అనువాదకులు తేడా చూపించారు.

మొదటి జవాబు రాసినవారు

క్వయర్ బ్రదర్ రాసింది చదివి నా జవాబులో ఒక లోటు కనిపించింది. యజమాని మెచ్చడు అన్నచోటే ఆగిపోతే కథ సగమే. మత్తయి 25లో ఆ యజమానే “భళా, నమ్మకమైన మంచి దాసుడా” అంటాడు. “భళా” అన్న మాటకన్నా మంచి తెలుగు అక్కడ దొరకదు. కాబట్టి “నిష్‌ప్రయోజకులము” అనేది దాసుడి వంతు, “భళా” అనేది యజమాని వంతు. దాసుడే తనకు తాను భళా అనుకున్నా ఇబ్బందే, యజమాని బదులు ఇంకెవరో వచ్చి “నువ్వు నిష్‌ప్రయోజకుడివి” అన్నా ఇబ్బందే.

సిస్టర్, తోడు అడగడం ఈ వచనానికి విరుద్ధం కాదు. ఆజ్ఞాపింపబడినవి సరిగా చేయడానికి మనుషులు కావాలని అడగడం బాకీ తీర్చడంలో భాగమే. మళ్లీ అడగండి.

పోస్టు పెట్టినవారు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న మళ్లీ అడిగాను. ఈసారి ఎంతమంది పిల్లలు వస్తున్నారో, ఏ వయసువాళ్లో కాగితం మీద రాసి ఇచ్చాను. చూస్తామన్నారు. ఆ పెద్ద మీద ఉన్న కోపం మొత్తం పోయిందని చెప్పలేను, కానీ “మేము”, “మనం” తేడా చదివాక ఆ వచనం మీద కోపం పోయింది. అది ఆయనది కాదు, నాకూ ప్రభువుకూ మధ్య మాట.

మీరంతా చెప్పాక ఆ ఉపమానాన్ని మొదటి నుంచి చదివాను. 8వ వచనంలో యజమాని దాసుడితో “నడుము కట్టుకొని... నాకు పరిచారము చేయుము” అంటాడు. ఇది ఎక్కడో చదివానే అని వెతికితే 12:37లో దొరికింది. అక్కడ మెలకువగా ఉన్న దాసుల కోసం యజమానే “నడుము కట్టుకొని వారిని భోజనపంక్తిని కూర్చుండబెట్టి, తానే వచ్చి వారికి ఉపచారము చేయును”. నడుము కట్టుకోవడం రెండు చోట్లా ఒకటే. ఒకచోట పరిచారం, ఇంకోచోట ఉపచారం అని ఎందుకు మార్చారు? గ్రీకులో కూడా రెండు మాటలేనా బ్రదర్?

మొదటి జవాబు రాసినవారు

కాదు సిస్టర్. గ్రీకులో రెండు చోట్లా క్రియ ఒక్కటే. “మనుష్యకుమారుడు పరిచారము చేయించుకొనుటకు రాలేదు గాని పరిచారము చేయుటకు” వచ్చాడని మార్కు 10:45లో ఉన్నదీ అదే. యజమాని దాసులకు పరిచారం చేస్తాడని రాయడానికి తెలుగు అనువాదకుడి చేయి ఆడలేదేమో, ఉపచారం అని రాశాడు. లూకా మాత్రం మార్చలేదు.