ఫైలు అక్కడే ఉన్నా ‘లైబ్రరీ నాట్ ఫౌండ్’ అంటున్న వైన్: పాత వీబీ6 బిల్లింగ్ ప్రోగ్రామ్

నల్లతెర:
ఉబుంటు 24.04, దాని రిపాజిటరీలో వచ్చే వైన్ 9.0 (విండోస్ ప్రోగ్రాములను లైనక్స్‌లో నడిపేది). షాపు బిల్లింగ్ ప్రోగ్రామ్ ఒకటి ఇందులో నడపాలి. విజువల్ బేసిక్ 6లో రాసింది, డేటా అంతా మైక్రోసాఫ్ట్ యాక్సెస్ డేటాబేస్ (ఎండీబీ) ఫైల్లో ఉంటుంది. టెర్మినల్ నుంచి తెరిస్తే ఎంఎస్‌వీబీవీఎం60.డీఎల్ఎల్ నాట్ ఫౌండ్ అని, ఆఖర్న స్టేటస్ సీ0000135 అని వస్తోంది. ఆ డీఎల్ఎల్‌ను ఒక సైట్ నుంచి దించి డాట్‌వైన్ లోపలి సిస్టమ్32 ఫోల్డర్లో పెట్టాను. అదే ఎర్రర్. వైన్ సెట్టింగ్స్‌లో లైబ్రరీస్ ట్యాబ్‌కి వెళ్లి దానికి ‘నేటివ్’ ఓవర్‌రైడ్ కూడా ఇచ్చాను. తేడా లేదు. ఫైలు కళ్లెదుటే ఉంటే లేదంటుందేమిటి? ఇలా ఇంకెన్ని ఫైళ్లు వెతకాలో ముందే తెలుసుకునే దారి ఉందా?

టెర్మినల్ తాత:
ఫైలు ఉంది, కానీ మీ ప్రోగ్రామ్ చూసే గదిలో లేదు. వీబీ6 ప్రోగ్రాములన్నీ 32 బిట్. మీ డాట్‌వైన్ 64 బిట్ ప్రిఫిక్స్ (వైన్ తన విండోస్ ఫైళ్లు, సెట్టింగ్స్ పెట్టుకునే ఫోల్డర్). అందులో సిస్టమ్32 అనే ఫోల్డర్ 64 బిట్ ఫైళ్లది, 32 బిట్ ఫైళ్లుండేది సిస్‌వావ్64లో. పేర్లు తలకిందులుగా ఉన్నాయి కదా, విండోస్‌లోనూ అంతే. 32 బిట్ ప్రోగ్రామ్ ‘సిస్టమ్32లో చూడు’ అన్నా వైన్ దాన్ని నిశ్శబ్దంగా సిస్‌వావ్64కి మళ్లిస్తుంది. మీరు పెట్టిన ఫైలు దానికి కనిపించే అవకాశమే లేదు.

ఓవర్‌రైడ్ పనిచేయకపోవడానికి కారణం వేరు. వైన్ సొంతంగా రాసుకున్న డీఎల్ఎల్ ఒకటి, మైక్రోసాఫ్ట్‌ది ఒకటి, రెండూ ఉన్నప్పుడు ఏది వాడాలో చెప్పడానికే ఓవర్‌రైడ్. వీబీ6 రన్‌టైమ్‌కీ (మీరడిగిన ఎంఎస్‌వీబీవీఎం60 అదే), ఎంఎఫ్‌సీ42 అనే ఇంకో మైక్రోసాఫ్ట్ లైబ్రరీకీ వైన్ సొంత ప్రతి లేదు. లేని చోట ఎంపిక ఏముంటుంది? ఆ సెట్టింగ్ తీసేయండి.

స్టేటస్ కోడ్‌లలో రెండు గుర్తుంచుకుంటే చాలు. సీ0000135 అంటే డీఎల్ఎల్ దొరకలేదని. సీ000007బీ అంటే ఫైలు చెడిపోయిందని గానీ, ఎక్కువసార్లు 32, 64 బిట్‌లు కలగలిసిపోయాయని గానీ.

పాత ప్రిఫిక్స్‌ను బాగుచేసే బదులు కొత్తది పెట్టుకోండి. ముందు ‘ఫైల్’ కమాండ్‌కి ఈఎక్స్‌ఈ పేరిచ్చి చూడండి. పీఈ32, ఇంటెల్ 80386 అని వస్తే 32 బిట్, పీఈ32 పక్కన ప్లస్ గుర్తుంటే 64. తర్వాత డీపీకేజీకి యాడ్ ఆర్కిటెక్చర్ ఆప్షన్‌తో ఐ386 చేర్చి, ఆప్ట్ అప్‌డేట్ కొట్టి, వైన్32 ప్యాకేజీ ఎక్కించండి. ఇది లేకపోతే 32 బిట్ ప్రిఫిక్స్ మొదలే కాదు. ఇప్పుడు వైన్‌ప్రిఫిక్స్ వేరియబుల్‌కి కొత్త ఫోల్డర్ దారి, వైన్‌ఆర్చ్ వేరియబుల్‌కి విన్32 ఇచ్చి, అదే వరుసలో వైన్‌సీఎఫ్‌జీ నడపండి. వైన్‌ఆర్చ్ విలువ ప్రిఫిక్స్ పుట్టేటప్పుడే పనిచేస్తుంది. ఉన్న 64 బిట్ ప్రిఫిక్స్ మీద ఇస్తే ఇది 64 బిట్ ఇన్‌స్టలేషన్ అని తిప్పికొడుతుంది.

ఆ ప్రిఫిక్స్‌లోనే, మైక్రోసాఫ్ట్ లైబ్రరీలను దించి పెట్టే వైన్‌ట్రిక్స్ స్క్రిప్ట్‌తో వీబీ6రన్, కామ్‌సీటీఎల్32ఓసీఎక్స్ ఎక్కించండి. రెండోది దేనికంటే, మొదటిది దాటగానే ఎంఎస్‌కామ్‌సీటీఎల్.ఓసీఎక్స్ (తెర మీద జాబితాలు, టూల్‌బార్లు చూపే కంట్రోల్ ఫైలు) రిజిస్టర్ కాలేదంటూ రన్‌టైమ్ ఎర్రర్ 339 వస్తుంది. వీబీ6లో ఇది మామూలే. రిపాజిటరీలోని వైన్‌ట్రిక్స్ పాతబడితే డౌన్‌లోడ్ లింకులు తప్పుతాయి, చెక్‌సమ్ సరిపోలలేదంటుంది. అప్పుడు ప్రాజెక్టు గిట్‌హబ్ పేజీ నుంచి తాజా స్క్రిప్ట్ తెచ్చుకోండి.

డీఎల్ఎల్ సైట్ల జోలికి మాత్రం పోవద్దు. ఏ వెర్షనో తెలియదు, లోపల ఏముందో అసలే తెలియదు.

నల్లతెర:
339 పోయింది, లాగిన్ స్క్రీన్ వచ్చింది, ధన్యవాదాలు తాతగారూ. ఇప్పుడు రెండు మిగిలాయి. పాస్‌వర్డ్ కొట్టగానే ఎర్రర్ 3706, ప్రొవైడర్ కెనాట్ బి ఫౌండ్. ప్రోగ్రామ్‌తో వచ్చిన రిపోర్ట్ ఓసీఎక్స్‌ను రెగ్‌ఎస్‌వీఆర్32తో రిజిస్టర్ చేయబోతే ‘ఫెయిల్డ్ టు లోడ్’. ఒక ఫైలు ఏ లైబ్రరీలను అడుగుతుందో చూపే వైన్‌డంప్‌తో ఇంపోర్టుల జాబితా తీశాను, ఈఎక్స్‌ఈకి ఎంఎస్‌వీబీవీఎం60 ఒక్కటే చూపిస్తోంది. మరి ఇవన్నీ ఎక్కణ్నుంచి వస్తున్నాయి?

లాగ్‌చదువరి:
వీబీ6 ఈఎక్స్‌ఈ ఇంపోర్టుల జాబితాలో రన్‌టైమ్ ఒక్కటే ఉంటుంది, అది సహజం. ఓసీఎక్స్‌లు, డేటాబేస్ ప్రొవైడర్ కామ్ పద్ధతిలో వస్తాయి. ప్రోగ్రామ్ నడుస్తుండగా రిజిస్ట్రీలో పేరు వెతికి, ఆ పేరుకి ఏ ఫైలు రాసి ఉంటే దాన్ని లోడ్ చేస్తుంది. అందుకే ఫైలు పక్కనే ఉన్నా రిజిస్టర్ కాకపోతే లేనట్టే.

రెగ్‌ఎస్‌వీఆర్32 ‘లోడ్ కాలేదు’ అంటే ఎక్కువసార్లు ఆ ఓసీఎక్స్ పాడైందని కాదు, అది ఆధారపడిన ఇంకో డీఎల్ఎల్ లేదని. వైన్‌డంప్‌ను ఈఎక్స్‌ఈ మీద కాదు, ఓసీఎక్స్ మీద నడపండి. టెర్మినల్‌లో ‘ఇంపోర్ట్ డీఎల్ఎల్’ అన్న వరుసలో బ్రాకెట్ల మధ్య ‘విచ్ ఈజ్ నీడెడ్ బై’ తర్వాత ఎవరు అడుగుతున్నారో కూడా రాసి ఉంటుంది. చాలామంది బ్రాకెట్ చదవకుండా వదిలేస్తారు, సమాధానం ఉండేది అందులోనే. ఆ కాలపు రిపోర్ట్ ఓసీఎక్స్‌లు ఎంఎఫ్‌సీ42ను అడగడం ఎక్కువ. అదే అయితే వైన్‌ట్రిక్స్‌లో ఎంఎఫ్‌సీ42 ఎక్కించి, ఓసీఎక్స్‌ను మళ్లీ రిజిస్టర్ చేయండి.

3706 అంటే ఎండీబీ ఫైలును చదివే జెట్ ప్రొవైడర్ లేదు. వైన్‌ట్రిక్స్‌లో ముందు ఎండీఏసీ28, ఆ తర్వాత జెట్40. మీది ఇప్పుడు 32 బిట్ ప్రిఫిక్స్ కాబట్టి ఇబ్బంది ఉండకూడదు.

ఇంకా ఏదైనా తేలకపోతే వైన్‌డీబగ్ వేరియబుల్‌కి ప్లస్ గుర్తు పెట్టి లోడ్‌డీఎల్ఎల్ ఇవ్వండి, అవుట్‌పుట్‌ను ఫైల్లోకి మళ్లించండి. లోడైన ప్రతి లైబ్రరీ ఏ దారిలో ఉందో, నేటివ్‌నో బిల్టిన్‌నో వరుసగా వస్తుంది. ‘ఫిక్స్‌మీ’ వరుసలు వందల్లో ఉన్నా కంగారు వద్దు, చాలావరకు వైన్ రాసేవాళ్లు తమకోసం పెట్టుకున్న గుర్తులు. ‘ఎర్ర్ మాడ్యూల్’ వరుసలు చూడండి. ‘అన్‌ఇంప్లిమెంటెడ్ ఫంక్షన్’ అని వచ్చి ఆగిపోతే అది వేరే జబ్బు. వైన్ సొంత డీఎల్ఎల్ ఉంది గానీ ఆ ఫంక్షన్ రాయలేదు. నేటివ్ ఓవర్‌రైడ్ అక్కరకొచ్చేది అక్కడే. కెర్నెల్32, ఎన్‌టీడీఎల్ఎల్, యూజర్32, జీడీఐ32లకు మాత్రం ఎప్పుడూ ఇవ్వకండి. అవి లైనక్స్ వైపుతో ముడిపడి ఉంటాయి, విండోస్ ప్రతి అక్కడ పనిచేయదు.

ఉల్లిపొర:
ఆర్చ్ లైనక్స్‌లో ఇదే చేయబోతే వైన్‌ఆర్చ్ విన్32 దగ్గరే ఆగిపోతోంది.

టెర్మినల్ తాత:
ఆర్చ్ 2025 జూన్‌లో వైన్ ప్యాకేజీని కొత్త వావ్64 పద్ధతికి (32 బిట్ ప్రోగ్రాములనూ 64 బిట్ వైన్‌తోనే నడిపేది) మార్చింది. లైనక్స్ వైపు 32 బిట్ లైబ్రరీలు అక్కర్లేదు, అది లాభం. నష్టం, శుద్ధ 32 బిట్ ప్రిఫిక్స్‌లు పోయాయి, పాతవి మళ్లీ కట్టుకోవాలి. వీబీ6రన్, ఎంఎఫ్‌సీ42 వరకు 64 బిట్ ప్రిఫిక్స్‌లోనే సిస్‌వావ్64లోకి వెళ్లి పనిచేస్తాయి. ఎండీఏసీ28 దగ్గర చిక్కు, వైన్‌ట్రిక్స్ దాన్ని 64 బిట్ ప్రిఫిక్స్‌లో ఎక్కించదు. వేరే లైనక్స్‌ను కంటైనర్‌లో నడిపే డిస్ట్రోబాక్స్‌లో ఉబుంటు 24.04 పెట్టి, అందులో వైన్32తో నడపడం తేలిక.

నల్లతెర:
ఎంఎఫ్‌సీ42 ఎక్కించాక రిపోర్ట్ వస్తోంది, 3706 కూడా పోయింది. కస్టమర్ల పేర్లు తెలుగులో ఉన్న చోట మాత్రం కొన్ని అక్షరాలు తేడాగా వస్తున్నాయి. ఇది కూడా లైబ్రరీయేనా?

లాగ్‌చదువరి:
కాదు, ఫాంటు, లొకేల్. వీబీ6 కంట్రోల్స్‌కి యూనికోడ్ రాదు, తెలుగుకి ఏఎన్ఎస్ఐ కోడ్‌పేజీ లేదు. కాబట్టి మీ ప్రోగ్రామ్ ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలున్న పాత 8 బిట్ ఫాంటు వాడుతూ ఉండాలి. ఆ టీటీఎఫ్‌ను ప్రిఫిక్స్‌లోని విండోస్, ఫాంట్స్ ఫోల్డర్లోకి కాపీ చేయండి. 128 పైన ఉన్న అక్షరాలు సరిగ్గా రావాలంటే కోడ్‌పేజీ 1252 కావాలి. ప్రోగ్రామ్ తెరిచే కమాండ్ ముందు ఎల్‌సీ_ఆల్ విలువగా ఇంగ్లీష్ ఇండియా యూటీఎఫ్8 లొకేల్ ఇస్తే అదే వస్తుంది. అమెరికా లొకేల్ ఇచ్చినా అక్షరాలు బాగానే వస్తాయి గానీ, తేదీలో నెల ముందుకొస్తుంది. 5 జూన్ బిల్లు మే 6వ తేదీలోకి పోతుంది, ఎర్రర్ కూడా రాదు. అందుకని అసలు ఎండీబీని పక్కన పెట్టి, కాపీ మీద నాలుగు బిల్లులు కొట్టి తేదీలు సరిచూశాకే వాడటం మొదలుపెట్టండి.