భర్త సంతకానికి వెల కడితే ఐ-751 మీద తీసుకోవచ్చా?

గోదావరి గట్టు:
మాది రాజమహేంద్రవరం. ముంబై కాన్సులేట్‌లో వీసా తీసుకుని, అమెరికా పౌరుడైన భర్త దగ్గరకు నార్త్ కరోలినా వచ్చాను. దిగేనాటికి మా పెళ్లయి పద్నాలుగు నెలలే. పెళ్లికి రెండేళ్లు నిండలేదు కాబట్టి షరతులతో రెండేళ్ల గ్రీన్ కార్డు ఇచ్చారు. దాని గడువు ఇంకో పది వారాల్లో తీరిపోతుంది. షరతులు తీయించుకోవాలంటే ఐ-751 వేయాలి, దాని మీద ఇద్దరమూ సంతకం చేయాలి.

నేను నాలుగు నెలలుగా విడిగా గది అద్దెకు తీసుకుని ఉంటున్నాను. కొట్టడాలు, తిట్టడాలు ఏవీ లేవు. ఒకే ఇంట్లో ఇద్దరు అద్దెదారుల్లా బతికాం, అంతే. ఈ రాష్ట్రంలో విడాకులు కావాలంటే ముందు ఏడాది పాటు వేర్వేరు ఇళ్లలో ఉండాలి. అంటే తీర్పు చేతికి రాకముందే కార్డు గడువు ముగుస్తుంది.

ఆయన సంతకం పెడతానంటున్నారు. బదులుగా రెండు కోరారు. ఏడాది నిండాక విడాకులకు అడ్డు చెప్పకూడదు. హైదరాబాదులో అత్తగారి బీరువాలో ఉన్న నా నగల ఊసు ఎత్తకూడదు. మొదటిది నాకూ కావలసిందే. రెండోదే మింగుడు పడటం లేదు. ముప్పై రెండు కాసులు. మా నాన్నగారు ఉద్యోగ విరమణ డబ్బుతో చేయించినవి.

విడిపోవాలనుకున్న ఇద్దరు కలిసి సంతకం చేయడం అసలు సబబేనా? అయినా కాకపోయినా ఈ బేరానికి ఒప్పుకోవాలా? మీరైతే ఏం చేసేవారు?

పాత కాపు:
నేనైతే ఒప్పుకోను. 2001లో ఇదే ఫారం ఒంటరిగా వేసినదాన్ని కాబట్టి చెబుతున్నాను. అప్పటికి నా విడాకుల తీర్పు వచ్చేసింది. పెళ్లి నిజమైనదే, తరువాత నిలవలేదు అని చూపితే భర్త సంతకం లేకుండానే షరతులు తీసేస్తారు. ఇంటర్వ్యూకు పెళ్లి ఆల్బం మోసుకెళ్లాను. పన్నెండు వందల మంది భోంచేసిన పెళ్లి అది, ఆల్బం బరువే మూడు కిలోలు ఉంటుంది. అధికారి రెండు పేజీలు తిప్పి పక్కన పెట్టాడు. ఇద్దరి పేరునా బ్యాంకు ఖాతా ఉందా, ఇంటి ఒప్పందంలో మీ పేరు ఉందా, పన్ను పత్రాలు కలిసి వేశారా అని అడిగాడు. మన దగ్గర కాపురానికి సాక్ష్యం ఊరంతా. వాళ్లకు కరెంటు బిల్లు. ఆ బిల్లు మీద నా పేరు ఎక్కించుకోవడం ఒక్కటే ఆ రెండేళ్లలో నేను చేసిన తెలివైన పని.

కాలం పట్టింది, ఖర్చయింది. కానీ ఆ కార్డు ఎవరి దయా కాదు. మీ ఆయన ఈ రోజు నగలు అడిగారు. ఇంటర్వ్యూ ముందు రోజు ఇంకేం అడుగుతారో!

డాలస్ బాబాయి:
అందరూ ఒక వైపే మాట్లాడితే ఎలా? నేను రెండో వైపు నిలబడినవాణ్ణి. అమ్మాయిని తెచ్చుకోవడానికి పోషణ హామీ పత్రం, అదే ఐ-864, మీద సంతకం చేశాను. విడాకులైనా ఆ బాధ్యత తీరదని అప్పుడు ఎవరూ చెప్పలేదు. ఆమె పౌరసత్వం తీసుకోవాలి, లేదా నలభై త్రైమాసికాల పని ఆమె లెక్కలో పడాలి, లేదా శాశ్వత నివాసం వదులుకుని దేశం విడిచి వెళ్లాలి. అందాకా నా మెడకు చుట్టుకునే ఉంటుంది. అటువంటప్పుడు ఇంకో సంతకం అడిగితే మగవాడు నాలుగు సార్లు ఆలోచించడా? నగల విషయంలో ఆ కుర్రవాడిది తప్పే, సమర్థించను. కానీ షరతు పెట్టిన చట్టం తప్పు కాదు. పెళ్లి నిలబడుతుందో లేదో చూడటానికే గదా రెండేళ్ల గడువు పెట్టారు? నిలబడనప్పుడు నిలబడినట్టు సంతకం చేయడం అబద్ధమే అవుతుంది, అమ్మా.

రెండో షిఫ్టు:
వలస కేసులు చూసే న్యాయవాది దగ్గర కాగితాల పని చేస్తాను. నేను న్యాయవాదిని కాను, ఇది సలహాగా తీసుకోవద్దు.

బాబాయి గారి మాటలో రెండు సవరణలు. ఒకటి, పోషణ హామీ బరువు మొదటి సంతకంతోనే పడిపోయింది. ఐ-751 మీద సంతకం చేసినా చేయకపోయినా అది పెరగదు, తగ్గదు. రెండు, గడువు పెట్టింది పెళ్లి నిలబడుతుందా అని చూడటానికి కాదు. కాపురం చేయాలనే ఉద్దేశంతో పెళ్లాడారా, కార్డు కోసం పెళ్లాడారా అన్నదే ప్రశ్న. 1975లో బార్క్ కేసులో ఫెడరల్ అప్పీలు కోర్టు ఈ మాటే చెప్పింది: పెళ్లినాటి ఉద్దేశం ముఖ్యం, తరువాత విడిపోయినంత మాత్రాన అది బూటకపు పెళ్లి అయిపోదు. ఉమ్మడి దరఖాస్తుకు చట్టం కోరేది, వివాహం కోర్టు ద్వారా రద్దు కాకుండా ఉండటం. విడిగా ఉంటున్నవారు కలిసి సంతకం చేయకూడదని ఎక్కడా లేదు.

అబద్ధం ఎక్కడ మొదలవుతుందంటే చిరునామా దగ్గర. ఆ ఫారం మీ చిరునామా అడుగుతుంది, భర్త చిరునామా అడుగుతుంది, కార్డు వచ్చాక మీరు ఎక్కడెక్కడ ఉన్నారో అడుగుతుంది. అక్కడ ఉన్నది ఉన్నట్టు రాసి ఇద్దరూ సంతకం చేస్తే నేరమేమీ లేదు. మధ్యలో విడాకుల తీర్పు వస్తే అది పంపి, ఇక ఒంటరి దరఖాస్తుగా చూడమని కోరవచ్చు. కొత్తగా మొదలుపెట్టనక్కరలేదు.

విశాఖ అమ్మ:
తల్లీ, నా కూతురు కూడా అక్కడే ఉంటుంది. ఇంత గొడవ ఎందుకు? ఆ పది వారాలూ ఓర్చుకుని మళ్లీ అదే ఇంట్లో ఉండు. కార్డు చేతికొచ్చాక నీ దారి నువ్వు చూసుకో.

పాత కాపు:
అమ్మగారూ, మీ మనసు మంచిదే. కానీ మీరు చెప్పిన పనిలో నష్టాలు రెండున్నాయి. పది వారాల్లో కార్డు రాదు. వచ్చేది రసీదు మాత్రమే, అసలు కార్డుకు ఎంత కాలం పడుతుందో చెప్పలేం. రెండోది, మళ్లీ భార్యాభర్తలుగా కలిసి ఉంటే నార్త్ కరోలినాలో ఆ ఏడాది లెక్క మొదటికొస్తుంది. పైగా కాగితం కోసం కాపురం నటించడం, ఆ అధికారులు వెతికే తప్పు సరిగ్గా అదే!

నల్లమల:
నాకు ఈ బేరం కంటే బేరానికి చోటిచ్చిన చట్టం మీద కోపం. ఈ రెండేళ్ల షరతు 1986 నాటి వివాహ మోసాల సవరణ చట్టంతో వచ్చింది. అంతకు ముందు ఏడాది సెనేట్ ఉపసంఘం ముందు అప్పటి వలస శాఖ కమిషనర్ అలన్ నెల్సన్, ఇలాంటి పెళ్లిళ్లలో ముప్పై శాతం దాకా మోసాలేనన్నట్టు లెక్క చెప్పారు. ఆ లెక్క గణాంక శాస్త్రం ముందు నిలవదని తరువాత ఒక కోర్టు కేసులో ఆ శాఖే ఒప్పుకోవలసి వచ్చింది. లెక్క పోయింది, చట్టం మిగిలింది. మొదట్లో అయితే మరీ ఘోరం. విడాకుల మినహాయింపు కావాలంటే తగిన కారణం చూపి మీరే విడాకులు తీసుకుని ఉండాలి, భర్త ముందు తీసుకుంటే దారి మూసుకుపోయేది. ఆ మాట తీసేయడానికీ, హింసకు గురైనవారికి మినహాయింపు చేర్చడానికీ 1990 దాకా ఆగవలసి వచ్చింది.

ఇంకో విడ్డూరం. ఉద్యోగం ద్వారా గ్రీన్ కార్డు పొందిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు భార్య ఆయన కేసులోనే కుటుంబ సభ్యురాలిగా వస్తే, పెళ్లయి నెల రోజులే అయినా ఆమెకు ఈ షరతు లేదు. పౌరుడి భార్యకు ఉంది. అదే వయసు, అదే ఊరు, పక్క పక్క పందిళ్లలో పెళ్లిళ్లు జరిగినా ఒకరిది అనుమానించవలసిన పెళ్లి, ఇంకొకరిది కాదు!

డాలస్ బాబాయి:
చట్టం మార్చడానికి అమెరికా చట్టసభకు వెళ్లాలి నాయనా, ఆ అమ్మాయికి పది వారాలే ఉంది. అయినా బూటకపు పెళ్లిళ్లు లేవంటావా? నేను ఎరిగినవే రెండున్నాయి. దొరికితే అయిదేళ్ల దాకా జైలు, రెండున్నర లక్షల డాలర్ల దాకా జరిమానా అని చట్టంలో ఊరికే రాయలేదు. సవరణ ఒప్పుకుంటున్నాను, పోషణ హామీ విషయం నేను కలిపి చూశాను.

రెండో షిఫ్టు:
ఇందాక నగల సంగతి దాటేశాను, అదే అసలైనది. ఈ దరఖాస్తుకు సంబంధించి న్యాయవాదికి తప్ప మరెవరికైనా రుసుము చెల్లించారా అని ఐ-751లోనే ఒక ప్రశ్న ఉంది. చాలామంది చదవకుండా లేదని గీత పెట్టేస్తారు. అది అడిగేది దళారుల గురించి కావచ్చు, ముప్పై రెండు కాసులు ఆ మాట కిందకు రావని వాదించవచ్చు. కానీ గోదావరి గట్టు గారూ, ఆయన ఈ బేరాన్ని నోటితో చెప్పారా, ఫోనులో రాశారా?

గోదావరి గట్టు:
రాశారు. నేను "ఆలోచిస్తాను" అని జవాబిచ్చాను. స్క్రీన్ మీద ఇంకా అలాగే ఉంది.

రెండో షిఫ్టు:
అయితే ఆ సందేశం తొలగించవద్దు. ఒప్పుకుంటున్నానని కూడా రాయవద్దు. మీ పెళ్లి నూటికి నూరు పాళ్లూ నిజమైనదే కావచ్చు. రేపు ఆయనకు కోపం వచ్చి సంతకం వెనక్కు తీసుకుంటే, బంగారం ఇచ్చి సంతకం కొన్నారన్న కాగితం మాత్రం మిగులుతుంది. మామూలు విడాకుల కేసును అనుమానపు కేసుగా మార్చడానికి అది చాలు.

పాత కాపు:
నేను ఆత్మగౌరవం కోసం వద్దన్నాను. ఈయన చెప్పింది అంతకంటే గట్టి కారణం. మరి ఒంటరిగా వేయమనే కదా?

రెండో షిఫ్టు:
అక్కా, ఇక్కడ మీతో విభేదిస్తాను. మీ చేతిలో తీర్పు ఉంది, ఆమెకు ఇంకా ఎనిమిది నెలలు ఉంది. ఒంటరి దరఖాస్తు ఎప్పుడైనా వేయవచ్చు, కార్డు గడువు తీరే ముందు తొంభై రోజుల్లోనే వేయాలన్న కట్టడి ఉమ్మడి దరఖాస్తుకే. తీర్పు లేకుండా ఇప్పుడే వేస్తే తీర్పు పంపమని నోటీసు వస్తుంది, గడువులోగా పంపలేకపోతే తిరస్కరిస్తారు. తీర్పు వచ్చేదాకా ఏమీ వేయకుండా ఆగితే, కార్డు గడువు తీరిన రోజు నుంచి ఆమె హోదా ప్రమాదంలో పడుతుంది, ఉద్యోగంలో చూపడానికి కాగితం ఉండదు. ఇప్పుడు నిజాయితీగా ఉమ్మడిగా వేస్తే రుసుము 750 డాలర్లు, రసీదుతో కార్డు గడువు 48 నెలలు పెరుగుతుంది. ఆ లోపల తీర్పు వస్తుంది. నా ఓటు ఉమ్మడి దరఖాస్తుకే, కానీ బేరం లేకుండా.

పాత కాపు:
బేరం లేకుండా ఆయన ఎందుకు పెడతాడు?

నల్లమల:
ఆయనకూ విడాకులు కావాలి కాబట్టి. ఒకసారి ఆయన కుర్చీలో కూర్చుని చూడండి. బూటకపు పెళ్లి అని తేలితే ఆయనకేమీ బహుమతి ఇవ్వరు, ఆ పెళ్లి నిజమని మొదటి దరఖాస్తులో రాసి సంతకం చేసింది ఆయనే. నిజం చెప్పే ఫారం మీద సంతకం చేస్తే పోయేది ఏమీ లేదు. ఇక నగలు పుట్టింటివారు పెట్టినవి. స్త్రీధనం పూర్తిగా భార్యదేనని, అత్తింటివారు దాచిపెట్టి ఇవ్వకపోతే అది నమ్మకద్రోహం నేరం కాగలదని మన సుప్రీంకోర్టు 1985లోనే ప్రతిభా రాణి కేసులో చెప్పింది. బీరువా ఉన్నది హైదరాబాదులో. అది వేరే దారి, వేరే న్యాయవాది.

రెండో షిఫ్టు:
నార్త్ కరోలినాలో ఇంకో మెలిక కూడా ఉంది. ఆస్తి పంపకం కోరుతూ విడాకుల తీర్పుకు ముందే కోర్టులో అడగకపోతే ఆ హక్కు పోతుంది. నగలు ఆ పంపకం కిందకు వస్తాయో రావో గాని, అడ్డు చెప్పనని మాట ఇచ్చే ముందు ఇక్కడి కుటుంబ న్యాయవాదిని ఒక గంట కలవండి.

డాలస్ బాబాయి:
అమ్మా, నా మాట కూడా ఉమ్మడి దరఖాస్తుకే మారింది. అబద్ధం లేకుండా రాస్తే అబద్ధం అనలేను. ఆ కుర్రవాడితో మాట్లాడటానికి పెద్దవాళ్లెవరైనా కావాలంటే చెప్పు. మగవాడి వైపు నుంచి వచ్చినవాడి మాటైతే వింటాడేమో.

పాత కాపు:
నేను మారలేదు. ఉమ్మడిగా వేసినా సరే, రేపే అది ఒంటరి దరఖాస్తుగా మారబోతోందన్నంత జాగ్రత్తగా సాక్ష్యాలన్నీ మీ దగ్గర విడిగా పెట్టుకోండి. పన్ను పత్రాల నకళ్లు, పాత అద్దె ఒప్పందం, బీమాలో మీ పేరున్న కాగితం. ఆయన ఇంట్లో ఉన్నవి ఇవాళే ఫోటో తీసుకోండి.

గోదావరి గట్టు:
రాత్రి ఆయనకు ఫోను చేశాను. చిరునామాలు నిజంగా ఉన్నవే రాద్దాం, నగల మాట ఈ కాగితంతో కలపను, మీరూ కలపవద్దు అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. చివరకు "ఫారం పంపు, చదువుతాను" అన్నారు. పెడతాననీ అనలేదు, పెట్టననీ అనలేదు. కుటుంబ న్యాయవాదితో గురువారం కలుస్తున్నాను.

ఇంకొకటి అడగాలి. నాలుగు నెలలైనా నేను ప్రభుత్వానికి చిరునామా మార్పు తెలపలేదు. రసీదు ఆయన ఇంటికి వెళుతుందా?

రెండో షిఫ్టు:
ఫారం మీద ఏ చిరునామా రాస్తే అక్కడికే వెళుతుంది, కాబట్టి మీ గది చిరునామా రాయండి. ఇల్లు మారిన పది రోజుల్లోపు ఏఆర్-11 ఫారం ద్వారా తెలపాలని నియమం. ఆలస్యమైంది కానీ ఇప్పుడే ఆన్‌లైన్‌లో పెట్టేయండి, పది నిమిషాల పని. ఆ రసీదు మీ టపా పెట్టెలోకే రావాలి.