చర్చి ఆవరణలో గోల్ఫ్ పుటింగ్ గ్రీన్ వేయించాలా? మీరేమంటారు?

గోస్తనీ గట్టు:
అందరికీ వందనాలు. మాది పాలకొల్లు పక్క పల్లె. మా సంఘంలో పెరిగి అమెరికాలో స్థిరపడ్డ ఒక కుటుంబం, చర్చి ముందున్న ఖాళీ జాగాలో ప్లాస్టిక్ గడ్డి పరిచి పుటింగ్ గ్రీన్ వేయిస్తామంటున్నారు. ఖర్చంతా వాళ్ళదే. వాళ్ళు వెళ్ళే చర్చిలో అలాంటిది ఉందట, ఆరాధన అయ్యాక అందరూ కాసేపు ఆడుకుంటారట. తెలియనివాళ్ళకి చెప్తున్నా, గోల్ఫ్‌లో ఆఖరున బంతిని నేల మీదే దొర్లించి 4.25 అంగుళాల వెడల్పున్న గుంటలో వేయడాన్ని పుటింగ్ అంటారు. ఆ ఒక్క ఆటకోసం నున్నగా తయారుచేసే జాగా ఇది. సంఘ పెద్దలు రెండుగా చీలిపోయారు.

నేనైతే వద్దంటాను. గోల్ఫ్ మీద నాకేం కోపం లేదు. ఎప్పుడో సెలవులకి వచ్చి చూసేవాళ్ళకి ఆ జాగా ఖాళీగా కనిపిస్తుంది గానీ ఏడాది పొడుగునా దానికి పని ఉంటూనే ఉంటుంది. కోతల పండక్కి ధాన్యం బస్తాలు, అరటి గెలలు, కొబ్బరికాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు తెచ్చి పెట్టేదీ, వేలం పాడేదీ అక్కడే. క్రిస్మస్‌కీ పెళ్ళిళ్ళకీ రాటలు పాతి షామియానా వేస్తాం, తూర్పు మూల గాడిపొయ్యి తవ్వి గుండిగలు ఎక్కిస్తాం. గోదారికి వరదొస్తే లంకల నుంచి వచ్చినవాళ్ళు గేదెల్ని కట్టేసుకునేదీ అక్కడే. ప్లాస్టిక్ గడ్డి పరిచాక గునపం దించగలమా? పొయ్యి పెట్టగలమా?

భీమవరం యూత్:
అన్నా, మీరు చెప్పినవన్నీ కలిపితే ఏడాదిలో ఎన్ని రోజులు? మిగతా రోజులన్నీ గేటుకి తాళమే కదా. మా ఊళ్ళో కుర్రాళ్ళు గంటకింత అని డబ్బులు కట్టి మరీ బాక్స్ క్రికెట్ టర్ఫ్‌లకి వెళ్తున్నారు, యౌవనస్థుల కూడికకి రమ్మంటే మాత్రం రారు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దాయన కూడా మనవడితో కలిసి ఆడగలిగే ఆట ఇంకోటి చెప్పండి. నీళ్ళు పెట్టక్కర్లేదు, గడ్డి కోయక్కర్లేదు. గోల్ఫ్ మనది కాదంటారా? టోక్యో ఒలింపిక్స్‌లో అదితి అశోక్ నాలుగో స్థానంలో నిలిచినప్పుడు, అప్పటిదాకా గోల్ఫ్ ముఖం చూడనివాళ్ళు కూడా తెల్లారే టీవీ ముందు కూర్చున్నారు.

చర్చిలో ఆటలేంటి అనేవాళ్ళకి ఒక మాట. ఇంగ్లండులో రోచెస్టర్ కెథీడ్రల్ ఎంతో పాతది. 2019 వేసవిలో ఆ గుడి లోపలే తొమ్మిది గుంటల మినీ గోల్ఫ్ పెట్టారు. అక్కడా విమర్శలు వచ్చాయి, కానీ జనం కూడా వచ్చారు. మనం అడిగేది లోపల కాదు, బయట ఆవరణలో.

ఆచంట అక్క:
తమ్ముడూ, అది వేసవి సెలవుల్లో కొన్నాళ్ళు పెట్టి తీసేసింది. ఇది భూమిలో పాతుకుపోయేది, రెండిటికీ పోలిక పెట్టకు.

నేను సండే స్కూల్ చూస్తాను. వీబీఎస్, అంటే పిల్లలకి వేసవి సెలవుల్లో పెట్టే బైబిల్ బడి, పెట్టేది మే నెలలో. చెప్పులు గేటు దగ్గర విప్పేసి పిల్లలు ఉత్త కాళ్ళతో తిరుగుతారు. ఎండలో ప్లాస్టిక్ గడ్డి మామూలు గడ్డి కంటే చాలా ఎక్కువ కాలుతుంది, ఎందుకంటే మామూలు గడ్డి తనలోని తేమ వదులుతూ చల్లబడుతుంది, ప్లాస్టిక్‌కి ఆ దారి లేదు. నీళ్ళు చల్లితే కాసేపే. అంటే మా పిల్లలు సెలవుల్లో పగలంతా దాని మీద కాలు పెట్టలేరు. ఇంకోటి కూడా అడుగుతున్నా, ఎవరూ ఏమీ అనుకోవద్దు. ఆదివారం భోజనాలయ్యాక ఆ కర్ర పట్టుకునేది ఎవరు? గిన్నెలు తోముతూ ఉండేది ఎవరు? మా చర్చిలో ఆడవాళ్ళకి సరైన బాత్రూమ్ లేదు. పెళ్ళంటే పక్కింటివాళ్ళని బతిమాలుకోవాలి. దానమిచ్చేవాళ్ళకి ఆ సంగతి ఎవరైనా చెప్పారా?

టర్ఫ్ పనివాణ్ణి:
ఈ పని చేసేవాణ్ణి కాబట్టి ఉన్నమాట చెప్తా. పైన కనిపించే గడ్డి అర అంగుళమే, అసలు పనంతా కింద ఉంటుంది. జానెడు లోతు మట్టి తీసి, గుడ్డ పరిచి, కంకర, దానిమీద రాతి పొడి పోసి రోలర్‌తో తొక్కించాలి. మన డెల్టాలో చిక్కు ఇక్కడే. చాలాచోట్ల నల్లరేగడి. వేసవిలో కాలువలు కట్టేశాక చెయ్యి దూరేంత నెరియలు ఇస్తుంది, జూన్‌లో నీళ్ళు వదిలి వానలు పడ్డాక ఉబ్బుతుంది. క్రికెట్‌కైతే ఆ ఎగుడుదిగుడు తెలీదు. పుటింగ్‌లో బంతి దొర్లాలి, వేలెడు తేడా వచ్చినా ఆట పోతుంది. చుట్టూ డ్రెయిన్ లేకపోతే వానాకాలంలో కంకర కింద నీళ్ళు నిలుస్తాయి. ఎండకి ఎనిమిది పదేళ్ళలో పోగులు పెళుసెక్కుతాయి, అప్పుడు మార్చడానికి డబ్బులు ఎవరిస్తారో ఇప్పుడే రాయించుకోండి.

ప్లాస్టిక్ గడ్డిని యూరప్‌లో నిషేధించారు అని కొందరు అంటుంటారు. 2023లో వాళ్ళు నియమం పెట్టింది మైదానాల్లో గడ్డి మధ్య పోసే రబ్బరు, ప్లాస్టిక్ గుళికల మీద, అదీ 2031 నుంచి. పుటింగ్ గ్రీన్‌లో పోసేది మామూలుగా ఇసుకే. ఆ భయం దీనికి పెట్టకండి.

భీమవరం యూత్:
అక్కా, బాత్రూమ్ మాట నిజం, దానికి ఎదురు చెప్పను. కానీ దాత ఇచ్చేదే దీనికి అయితే? వద్దంటే ఆ డబ్బు ఇంకో ఊరికి పోతుంది.

గోస్తనీ గట్టు:
పోతే పోనీ తమ్ముడూ. కానుక ఇచ్చేవాళ్ళు ఇచ్చారని సంఘం తన నేలని వదులుకోకూడదు. 1836లో ఇంగ్లండు నుంచి మన దేశానికి వచ్చి నర్సాపురం ప్రాంతంలో సువార్త చెప్పిన మిషనరీలు బౌడెన్, బీర్, ఆ తర్వాత ధవళేశ్వరం ఆనకట్ట కట్టే కూలీల మధ్య కూడా బోధించారు. మన దగ్గర చాలా సంఘాలు గోడలు లేవకముందు చెట్ల కిందే కూడుకున్నాయి. మా అమ్మ బాప్తిస్మం తర్వాత భోంచేసింది ఈ జాగాలోనే, కింద కూర్చుని, విస్తరాకులో. నాకు ఆ జాగా అంటే ప్రాణం, దాచుకోను.

అయినా కుర్రాళ్ళ సంగతి నువ్వు చెప్పింది కొట్టిపారేయను. గేటుకి తాళం వేసి పెట్టడం మా తప్పే. పాస్టరయ్యగారితో మాట్లాడాను, సాయంత్రాలు గేటు తీసి వాలీబాల్ నెట్ కట్టడానికి ఆయన ఒప్పుకున్నారు. రెండు గొట్టాలు, ఒక నెట్, పండగొస్తే ఊడదీసి పక్కన పెట్టుకోవచ్చు.

ఈ ఆదివారం ఆరాధన అయ్యాక దాతలతో వీడియో కాల్ ఉంది. ముందు ఆడవాళ్ళ బాత్రూమ్ అడుగుతాం, తర్వాత ఆవరణ చుట్టూ డ్రెయిన్. గ్రీనే వేయిస్తామని పట్టుబడితే పాస్టర్ గారి ఇంటి వెనక సన్నటి జాగా చూపిస్తాం, పదేళ్ళ తర్వాత మార్చే ఖర్చు కూడా కాగితం మీద పెట్టమంటాం. ముందు జాగాలో మాత్రం ఒప్పుకోం. టర్ఫ్ బ్రదర్, ఆ వెనక జాగా ఇరవై అడుగులకి పది, పక్కనే పంటబోదె ఉంది. అక్కడ నేల నిలుస్తుందా?

టర్ఫ్ పనివాణ్ణి:
బోదె పక్కనంటే కష్టమే అండి, గట్టు ఊట తగులుతూనే ఉంటుంది. కాల్ కంటే ముందు ఒక గుంట తవ్వి రాత్రంతా వదిలేసి చూడండి, తెల్లారేసరికి నీరు ఎంత ఊరిందో చెప్తే మిగతాది నేను చెప్తాను.