పూజారికీ షమన్‌కీ హద్దు ఎక్కడ? సవరల విషయంలో ఒక సందేహం

కొండగాలి:
వేటతో, ఆహార సేకరణతో బతికే సమాజాల్లో షమన్, అంటే పూనకంలోకి వెళ్లి ఆత్మలతో వ్యవహరించే మనిషి, ఉంటాడనీ, వ్యవసాయం స్థిరపడి గుళ్లూ రాజ్యాలూ ఏర్పడ్డాక ఆ స్థానంలోకి పూజారి వస్తాడనీ మానవశాస్త్ర పాఠాల్లో చెబుతుంటారు. సైబీరియాలోని ఎవెంకీ ప్రజల గురించి చదివినప్పుడు ఇది సబబుగానే తోచింది. ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల్లోనూ, ఇటు శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల్లోనూ ఉన్న సవర గిరిజనుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఈ లెక్క కుదరలేదు. వీరు పోడు చేస్తారు, కొండవాలులో మెట్లుగా మళ్లు కట్టి వరి పండిస్తారు. అయినా వీరిలో పూజారీ షమనూ ఇద్దరూ కనిపిస్తారు. ఈ ఇద్దరి పనులు నిజంగా వేరా? తెలిసినవారు వివరించగలరు.

వంశధార:
వేరేనండీ, అదీ స్పష్టంగా. మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ సవరల మతం గురించి 1955లో వెలువరించిన అధ్యయనం చూస్తే, ఊరి దేవతలకూ పంటలకూ సంబంధించిన కొలుపులు జరిపేవాడు బుయ్య. ఆ అధికారం అతనికి వంశం వల్ల వస్తుంది, పూనకంతో పనిలేదు. మృతులతో మాట్లాడించే షమన్ కుడాన్. స్త్రీ అయితే కుడాన్‌బోయి అంటారు. చావుకు సంబంధించిన పెద్ద క్రతువులు ఎక్కువగా స్త్రీల చేతిలోనే ఉండేవి.

కుడాన్‌బోయికి అధికారం వచ్చే దారి వేరు. చిన్నతనంలోనే పాతాళం నుంచి ఒక వరుడు కలలోకి వచ్చి పెళ్లాడమంటాడు. కాదంటే జబ్బు చేస్తుంది, ఒప్పుకుంటే నయమవుతుంది. ఆపైన ఆమెకు ఈ లోకంలో ఒక సంసారం, ఆ లోకంలో మరొకటి. ఆ పాతాళపు భర్త సవర కాడు, మంచి బట్టలు కట్టిన పైకులపు హిందువు. పల్లంలోని రాజులతో, అధికారులతో సవరలకు ఉన్న సంబంధం పాతాళం దాకా వెళ్లిందని నాకు అనిపిస్తుంది.

క్రతువులో ఆమె కాళ్లు బారచాపి నేలమీద కూర్చుని, తనకు ముందున్న కుడాన్‌లను పిలుస్తూ పాడుతుంది. కొంతసేపటికి పాట ఆగి, తల వాలి, కాళ్లూ చేతులూ కొయ్యబారతాయి. పక్కనున్నవారు వాటిని పట్టి వంచుతారు. ఆమె ప్రాణం కిందికి దిగిందనీ, ఆ ఖాళీలోకి మృతులు వస్తారనీ నమ్మకం. వాళ్లు ఒకరి తరువాత ఒకరు ఆమె నోటితో మాట్లాడతారు, కల్లు అడుగుతారు, తమను సరిగా చూడలేదని నిలదీస్తారు. బంధువులు ఊరికే వినరు. ఎదురు ప్రశ్నలు వేస్తారు, ఏడుస్తారు, పరాచికాలాడతారు. చావుకు కారణం, ఆస్తి తగవు వంటివి అక్కడే చర్చకు వస్తాయి.

కొండగాలి:
ధన్యవాదాలండీ. అలాగైతే సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి బోనాల మరునాడు పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి చెప్పే స్త్రీని కూడా షమన్ అనవచ్చునా?

పరిశీలకుడు:
మతాల చరిత్రకారుడు మిర్చా ఎలియాడ్ 1951లో చేసిన నిర్వచనం ప్రకారం అనకూడదు. ఆత్మ శరీరాన్ని వదిలి మరో లోకానికి ప్రయాణించడమే షమన్ లక్షణమనీ, దేవత వచ్చి ఆవహించడం వేరే సంగతనీ ఆయన వాదం. మీరు చెప్పిన భవిష్యవాణిలో, అంటే ‘రంగం’లో, జరిగేది ఆవహించడమే. పైగా అక్కడ అమ్మవారు ఊరందరినీ ఉద్దేశించి పలుకుతుంది. ఫలానా ఇంట్లో ఫలానా మనిషి ఎందుకు పోయాడన్న విచారణ ఉండదు. అయితే వంశధార గారు చెప్పిన క్రతువులో ప్రయాణం, ఆవహించడం రెండూ ఒకే మనిషిలో ఒకే పూట జరుగుతున్నాయి గనుక ఎలియాడ్ గీత అక్కడ నిలవదు. నా మటుకు ఆ గీతకన్నా, ఈ మనిషికి అధికారం ఎవరిచ్చారు, ఎవరి కోసం పనిచేస్తున్నారు అన్న ప్రశ్నలే ఎక్కువ ఉపయోగం. మీరడిగిన వేట-వ్యవసాయం మెట్ల వరుస కూడా అందుకే కూలిపోతుంది. పంటకు ఒకరు, చావుకు ఒకరు కావలసి వచ్చినప్పుడు ఇద్దరూ ఒకే ఊళ్లో ఉంటారు.

వంశధార:
ఒక్క మాట చేర్చాలి. నేను రాసినదంతా ఇవాళ్టి ప్రతి సవర ఊరికీ వర్తించదు. గత కొన్ని దశాబ్దాల్లో యువతరంలో చాలామంది బాప్టిస్టు క్రైస్తవాన్ని స్వీకరించారు. మరికొందరు 1936లో మంగై గొమాంగో రూపొందించిన సొరంగ్ సొంపెంగ్ లిపినే దైవంగా కొలిచే మార్గంలో ఉన్నారు. బుయ్య చేసే ప్రార్థనలాంటిది పాస్టరూ చేయగలడు. మృతులతో సంభాషణను మాత్రం చర్చి ఒప్పుకోదు కాబట్టి, కుడాన్‌బోయి ఎదుట తేలే ఇంటి తగవులు ఇప్పుడు ఎక్కడ తేలుతున్నాయన్నది పరిశోధకులు అడగవలసిన ప్రశ్న.