మొదటి విదేశీ ప్రయాణం అనిమే పండక్కా? లక్ష దండగ అంటున్నారు, మీరేమంటారు?

పటమట_పిల్ల:
నాకు 24 ఏళ్ళు. బందరు రోడ్డులో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో చేస్తున్నాను. నవంబరు చివర్లో సింగపూర్ సన్‌టెక్ సెంటర్‌లో అనిమే ఫెస్టివల్ ఆసియా ఉంటుంది. అనిమే అంటే జపాన్ బొమ్మల సీరియళ్ళు. 2008 నుంచి జరుగుతోంది. పగలంతా స్టాళ్ళు, కాస్‌ప్లే, అంటే ఆ సీరియళ్ళ పాత్రల్లా వేషాలు. సాయంత్రం అనిసాంగ్ కచేరీ, అంటే అనిమే సీరియళ్ళకి పాడిన జపాన్ గాయకులే వచ్చి స్టేజీ మీద పాడతారు. నేనూ, గుంటూరు నుంచి నా ఫ్రెండూ వెళ్దామనుకుంటున్నాం. ఇద్దరం ఇంతవరకు విమానమే ఎక్కలేదు. చీటీ డబ్బులు చేతికొచ్చాయి కాబట్టి ఎవర్నీ అడగక్కర్లేదు. మనిషికి లక్షా పది దాకా అవుతుందని లెక్కేశాను. ఆఫీసులో చెబితే "ఆ డబ్బుకి బంగారం కొనుక్కోవచ్చు కదా" అన్నారు. మీరు చెప్పండి, ఇది నిజంగా దండగేనా?

బ్రాడీపేట_మూర్తి:
దండగే. కోపం తెచ్చుకోకు తల్లీ, అడిగావు కాబట్టి చెబుతున్నా. బొమ్మల సీరియళ్ళ పాటలు వినడానికి సముద్రం దాటాలా? యూట్యూబ్‌లో పెట్టుకుని వింటే పోయేదానికి. ఇంకోటి, చీటీ డబ్బులంటున్నావు. పాడి తీసుకున్నావా? పాడుకుంటే మిగతా వాయిదాలు ఇంకా కట్టాలి. అంటే అది నీ డబ్బు కాదు, అప్పు. మరో సంగతి, నీ లక్షా పదిలో కచేరీ టికెట్ కలిసి ఉందా? లోపలికెళ్ళే టికెట్ వేరు, కచేరీ టికెట్ వేరు అని మా పక్కింటి కుర్రాడు చెప్పాడు.

గవర్నర్‌పేట_గోపి:
ముందు ఎక్కణ్ణుంచి ఎక్కుతావో చెప్పు. గన్నవరం నుంచి సింగపూర్‌కి డైరెక్ట్ ఉందని మురిసిపోకు. 2018 డిసెంబరులో మొదలుపెట్టారు, కొన్ని నెలలకే ఆపేశారు. 2025 నవంబరులో మళ్ళీ వేశారు గానీ, అదీ రోజూ లేదు. కచేరీ ఆదివారం రాత్రి అయిపోతే తిరుగు విమానం కోసం ఇంకో రెండు రాత్రులు హోటల్ కట్టుకుంటూ కూర్చోవాలి. పొద్దున పినాకిని రైలు ఎక్కితే మధ్యాహ్నానికి చెన్నై. అక్కణ్ణుంచి రోజూ విమానాలున్నాయి, నాలుగు గంటల ప్రయాణం.

పటమట_పిల్ల:
మూర్తిగారూ, చీటీ పాడలేదు. ఆఖరి నెలదాకా ఆగి ఎత్తాను, పైసా బాకీ లేదు. కచేరీ టికెట్ వేరే అని తెలుసు, లెక్కలో కలిపాను.

బ్రాడీపేట_మూర్తి:
ఎంత కలిపావు?

పటమట_పిల్ల:
ఈ ఏడాది టికెట్లు ఇంకా పెట్టలేదు. పోయినేటి ధర పైన కొంచెం వేసుకున్నాను.

బ్రాడీపేట_మూర్తి:
ఆడిటర్ ఆఫీసులో పనిచేస్తూ లేని బిల్లుకి ఊహించి అంకె వేశావన్నమాట.

తెనాలి_తుంటరి:
😂😂 ఓచరు లేదు, ఎంట్రీ ఉంది

మాచవరం_మధు:
వెళ్తే జపానే వెళ్ళండి. మార్చిలో టోక్యో బిగ్ సైట్‌లో అనిమే జపాన్ జరుగుతుంది. అసలు చోటు వదిలేసి సింగపూర్ ఎందుకు?

కానూరు_కాస్‌ప్లే:
మధూ, ఎగ్జిబిషన్ ఒక్కటే అయితే నువ్వన్నది రైటే. కచేరీ కూడా కావాలంటే కష్టం. జపాన్‌లో పేరున్న గాయకుల టికెట్లు చాలావరకు లాటరీలోనే ఇస్తారు. అక్కడి సైట్లు చాలావాటికి జపాన్ ఫోన్ నంబరు కావాలి. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి సింగపూరే నయం.

ఇక మూర్తన్న యూట్యూబ్ మాట. అన్నా, నేను వెళ్ళొచ్చినవాణ్ణి కాబట్టి చెబుతున్నా. ఈ కచేరీల్లో వీడియో తియ్యనివ్వరు. ఎవడైనా ఫోన్ పైకెత్తితే స్టాఫ్ నేరుగా వాడి దగ్గరికే వచ్చి దింపిస్తారు. జనం చేతిలో ఉండేవి పెన్‌లైట్లే, జానెడు పొడుగు, బటన్ నొక్కితే రంగు మారుతుంది. ఒక గాయని రాగానే హాలంతా నీలం. ఆవిడ వెళ్ళి ఇంకొకరు వచ్చేలోపు, ఎవరూ చెప్పకుండానే, ముందు వరస నుంచి వెనక్కి ఎరుపు పాకుతూ వస్తుంది. పాటలో ఏ చోట అరవాలో, ఏ చోట నోరు మూసుకోవాలో అందరికీ తెలుసు. నా పక్కన ఇండోనేషియా అబ్బాయి, వాడి భాష నాకు రాదు, నాది వాడికి రాదు, పల్లవి మాత్రం ఇద్దరం జపనీస్‌లో తప్పుల్లేకుండా అరిచాం. దీన్ని ఏ యూట్యూబ్‌లో చూపిస్తావు?

చెల్లీ, నీకు పనికొచ్చేవి కొన్ని. సింగపూర్ వీసాకి మనం నేరుగా అప్లై చెయ్యలేం, అక్కడ మన తరఫున అప్లై చేసేవాళ్ళు లేకపోతే గుర్తింపు ఉన్న ఏజెంట్ ద్వారానే వెళ్ళాలి. ప్రభుత్వ ఫీజు 30 సింగపూర్ డాలర్లు, ఏజెంట్ కమీషన్ ఆ పైన. దిగడానికి మూడు రోజుల ముందు నుంచి ఆన్‌లైన్‌లో ఎస్‌జీ అరైవల్ కార్డు నింపాలి, అది పూర్తిగా ఉచితం. మన దగ్గర ఒక ఏజెంట్ దానికి నా దగ్గర 1500 గుంజాడు. మూర్తన్నా, ఇదిగో, దండగంటే ఇదీ.

పటమట_పిల్ల:
అన్నా, నా కాస్‌ప్లే వేషానికి చేసిన కత్తి సంగతేంటి? ఫోమ్ షీట్లు కోసి జిగురేసి అతికించాను. ఆటోనగర్‌లో కార్లకి కొట్టే సిల్వర్ స్ప్రే కొనుక్కొచ్చి మూడు కోటింగులు వేస్తే మా తమ్ముడు నిజం కత్తే అనుకున్నాడు. బట్ట వస్త్రలతలో తీసుకుని నేనే కుట్టాను. కత్తిని తీసుకెళ్ళనిస్తారా?

కానూరు_కాస్‌ప్లే:
మధ్యలో రెండు ముక్కలుగా విడిపోయేలా చేసి చెక్-ఇన్ పెట్టెలో పెట్టు, చేతి సంచిలో వద్దు. ఫెస్టివల్‌వాళ్ళు ఆయుధాల బొమ్మలకి కొలతలు, రూల్స్ పెడతారు, అవి చదువుకో. బొమ్మ తుపాకీ మాత్రం వద్దే వద్దు, సింగపూర్‌లో చట్టంతో తలనొప్పి. పవర్ బ్యాంక్ చేతి సంచిలోనే ఉండాలి. బబుల్‌గమ్ ఇంట్లో వదిలెయ్.

గవర్నర్‌పేట_గోపి:
కత్తి సరే. చెన్నైయా, గన్నవరమా? ఇంకా చెప్పలేదు.

బ్రాడీపేట_మూర్తి:
బాగుంది. రంగు దీపాలు ఊపడానికి లక్షా పది. నేను మిర్చి యార్డులో కమీషన్ షాపులో లెక్కలు రాస్తాను. లక్ష రూపాయలంటే ఎన్ని టిక్కీల (బస్తాల) మిర్చో నాకు తెలుసు, మీకు తెలీదు. మా తమ్ముడూ విదేశం వెళ్ళాడు, డాలస్‌కి. ఎంఎస్ చదివాడు. ప్రయాణమంటే అదీ. వెళ్ళినందుకు తిరిగి ఏదో రావాలి. మీరు వెళ్ళి ఏం తెస్తారు? ప్లాస్టిక్ బొమ్మలు.

కానూరు_కాస్‌ప్లే:
మీ తమ్ముడు సొంత డబ్బుతో వెళ్ళాడా అన్నా?

బ్రాడీపేట_మూర్తి:
చదువు కోసం చేసేది అప్పు కిందికి రాదు.

కానూరు_కాస్‌ప్లే:
వస్తుందా రాదా అని బ్యాంకును అడుగుదాం. మా వీధిలో స్థలాలు కుదువపెట్టి పిల్లల్ని అమెరికా పంపినవాళ్ళని లెక్కపెట్టలేం. ఇద్దరు ముగ్గురు ఉద్యోగం రాక తిరిగొచ్చారు. వాళ్ళని ఒక్కరూ దండగ అనరు, "పాపం, టైం బాలేదు" అంటారు. ఈ అమ్మాయి నెలనెలా చీటీ కట్టి, ఆఖరిదాకా ఆగి, సొంత డబ్బుతో వారం రోజులు పాటలు వినొస్తానంటే పిచ్చిది. అప్పు చేసి వెళ్తే గొప్ప, జీతంతో వెళ్తే దుబారానా? ఎవరు కడుతున్నారన్నా ఆ డాలస్ వాయిదాలు?

బ్రాడీపేట_మూర్తి:
నేను. చాలా? నేనే కడుతున్నా. వాడికి సరైన ఉద్యోగం ఇంకా దొరకలేదు. గోరంట్లలో నా పేర తీసుకున్న స్థలమే బ్యాంకులో ఉంది. నాకూ వయసులో ఉన్నప్పుడు ఒక ఊరు చూడాలని ఉండేది. ఎక్కడో విదేశం కాదు, కాశ్మీర్. ప్రతి ఏడూ "వచ్చే ఏడు చూద్దాం" అన్నారు మా నాన్న. ఆయన పోయారు, ఇప్పుడు ఆ మాట నేనే మా ఆవిడతో అంటున్నా. నా జీతం నాది అనుకునే వీలు నాకు లేదు. ఈ పిల్లలు మాత్రం మా డబ్బు, మా ఇష్టం అంటారు. ఇష్టం అనే మాట అంత తేలిగ్గా ఎలా వస్తుంది మీకు?

తెనాలి_తుంటరి:
అంటే మీరు వెళ్ళలేదు కాబట్టి ఆమె వెళ్ళకూడదా?

బ్రాడీపేట_మూర్తి:
నేను అలా అన్నానా? ఇంటిమీద బాధ్యత ఉన్నవాడికి కడుపు మండుతుంది. నీకు తెలీదులే. అమ్మాయ్, ఇంట్లో చెప్పావా అసలు?

పటమట_పిల్ల:
దానికీ దీనికీ సంబంధం ఏమిటి?

బ్రాడీపేట_మూర్తి:
చెప్పలేదన్నమాట.

పటమట_పిల్ల:
అమ్మకి ఆఫీసు ట్రైనింగ్ అని చెప్పాను. నాన్నకి తెలీదు. సంబంధాలు చూస్తున్నారు. "పెళ్ళయ్యాక మీ ఆయనతో ఎక్కడికైనా వెళ్ళు" అని పోయిన నెల చెన్నై ఎగ్జిబిషన్‌కే వద్దన్నారు, ఇది ఒప్పుకుంటారా? మా తమ్ముడు ఫ్రెండ్స్‌తో గోవా వెళ్తానంటే ఇంట్లోనే డబ్బులిచ్చారు. వాణ్ణి దండగ అన్నవాళ్ళు లేరు. నేను ఇక్కడ అడిగింది డబ్బు గురించి. పర్మిషన్ అడగలేదు.

మంగళగిరి_అక్క:
ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నాను. అమ్మలూ, లెక్కలు నీకే బాగా వచ్చు, మమ్మల్ని అడిగేదేముంది? మీ నాన్నగారి ముందు ఏం మాట్లాడాలో ఇక్కడ వెతుక్కుంటున్నావు. మూర్తిగారు అడిగినవే రేపు ఆయనా అడుగుతారు. బయటి దేశంలో చిన్న ఇబ్బంది వస్తే మొదటి ఫోను ఇంటికే వెళ్తుంది, అప్పుడు ట్రైనింగ్ అని చెప్పిన మాట ఎక్కడ దాస్తావు? టికెట్లు, హోటల్, వీసా అన్నీ ప్రింటు తీసి ఆయన ముందు పెట్టు. వెళ్ళనా అని కాదు, వెళ్తున్నాను అని చెప్పు. రెండు రోజులు అన్నం దగ్గర మాట్లాడరు. మా ఇంట్లోనూ అంతే జరిగింది.

కానూరు_కాస్‌ప్లే:
అక్కా, చెప్పాక పాస్‌పోర్టు బీరువాలో పెట్టి తాళం వేస్తే? మా ఫ్రెండ్ చెల్లికి అదే జరిగింది. వెళ్ళొచ్చాక చెప్పడమే మేలు.

మంగళగిరి_అక్క:
పాస్‌పోర్టు ఆఫీసు డెస్కులో పెట్టుకుని చెప్పమను బాబూ. తెలివితేటలన్నీ దాయడానికే వాడాలా?

బ్రాడీపేట_మూర్తి:
ఆడపిల్ల తండ్రికి తెలీకుండా దేశం దాటుతుంటే తాళం చెవుల గురించి సలహాలా? ఇద్దరు ఆడపిల్లల తండ్రిని నేను. లక్షా పది పోతే పోయింది, మళ్ళీ సంపాదించుకుంటుంది. చెప్పకుండా వెళ్ళడం మాత్రం నేను ఒప్పుకోను.

పటమట_పిల్ల:
ఇందాకటి దాకా లక్షా పదే కదండీ మీ బాధ? సరే, అక్కా, వీసా రాగానే చెబుతాను. ఆయన ఒప్పుకోకపోయినా వెళ్తాను. అది కూడా అప్పుడే చెబుతాను.

బ్రాడీపేట_మూర్తి:
చెప్పు. కచేరీ టికెట్ ధర తెలిశాక ఇక్కడ పెట్టు. లక్షా పది దాటుతుందని నా లెక్క.

గవర్నర్‌పేట_గోపి:
చెన్నై నుంచి వెళ్తే దాటదు. మొదటినుంచీ అదే చెబుతున్నా.