పర్యుత్సుకీభవతి: ‘కీ’యా, ‘కో’యా? తెలుగులో ఏమనాలి?

గౌతమి:
శాకుంతలం అయిదో అంకంలో హంసపదిక పాట విన్నాక దుష్యంతుడు చెప్పే శ్లోకం గురించి. “రమ్యాణి వీక్ష్య మధురాంశ్చ నిశమ్య శబ్దాన్” అని ఎత్తుకుని “తచ్చేతసా స్మరతి నూనమబోధపూర్వం భావస్థిరాణి జననాంతరసౌహృదాని” అని ముగుస్తుంది. అందమైనవి చూసి, తీయని శబ్దాలు విని, సుఖంగా ఉన్న ప్రాణి కూడా పర్యుత్సుకమైతే (దేనికోసమో తపిస్తే), తనకు తెలియకుండానే భావస్థిరమైన వెనకటి జన్మల చెలిములను మనసుతో స్మరిస్తోంది కాబోలు అని స్థూలంగా భావం. రెండో పాదం మాత్రం నోటికి రెండు రకాలుగా వస్తోంది: “పర్యుత్సుకీభవతి యత్సుఖితోఽపి జంతుః”, “పర్యుత్సుకో భవతి యత్సుఖితోఽపి జంతుః”. అచ్చు ప్రతుల్లోనూ రెండూ కనిపిస్తాయి. ఏది సాధువు? పోర్చుగీసు ‘సౌదాదె’కి (దూరమైనదానికోసం మనసు పడే తపన) తెలుగు మాట వెతుకుతుంటే ఈ శ్లోకం దగ్గర ఆగాల్సి వచ్చింది. ఆ క్రియకు తెలుగులో సరితూగే మాట ఏది?

వైయాకరణి:
ఛందస్సు దీన్ని తేల్చదు. వసంతతిలకం త, భ, జ, జ, గ, గ. నాలుగో అక్షరం గురువైతే చాలు; కీ గురువే, కో గురువే. వ్యాకరణాన్నే అడగాలి. “కృభ్వస్తియోగే సంపద్యకర్తరి చ్విః” (పాణిని 5-4-50): అంతవరకూ అలా లేనిది అలా అయినప్పుడు చ్వి ప్రత్యయం. “అస్య చ్వౌ” (7-4-32) చేత ఉత్సుకలోని చివరి అకారం ఈకారమైంది. శుక్లీభవతి ఎలాగో పర్యుత్సుకీభవతి అలాగే. పైగా వీక్ష్య, నిశమ్య అని రెండు ల్యబంతాలు (‘చూసి’, ‘విని’ లాంటి అసమాపక రూపాలు) ఉన్నాయి. చూశాక, విన్నాక ఏదో జరగాలి. ఆ జరగడాన్ని చెప్పేది చ్వి. కాబట్టి కీ.

ఛందోబంధు:
భవతికే ‘అవుతాడు’ అన్న అర్థం ఉంది కదండీ, దానికి చ్వి సాయం ఎందుకు? సుఖితోఽపి అన్నచోట ‘అపి’ ఆ మార్పును చెప్పేసింది. సుఖంగా ఉన్నవాడు కూడా అన్నాక, అంతకుముందు అలా లేడని మళ్ళీ ప్రత్యయంతో చెప్పడం పునరుక్తి. కాళిదాసుకు పర్యుత్సుక మామూలు విశేషణంగా అలవాటైన మాట. కుమారసంభవం నాలుగో సర్గలో రతి విలాపం గుర్తు తెచ్చుకోండి: “అయి సంప్రతి దేహి దర్శనం స్మర పర్యుత్సుక ఏష మాధవః”. అక్కడ చ్వి లేదు. ఇక్కడా కో చాలు. జంతుః పుంలింగం, పర్యుత్సుకః దానికి విశేషణం, అన్వయం తిన్నగా నడుస్తుంది.

వైయాకరణి:
తిన్నగా నడిచే పాఠం మీదే అనుమానం రావాలి. రాయసగాడు (ప్రతి రాసేవాడు) కష్టమైన రూపాన్ని తేలిక చేస్తాడు గానీ తేలికైనదాన్ని తీసుకుని చ్వి తగిలించడు. నాగరి లిపిలోనైతే ఈ రెండక్షరాలకూ తేడా క మీది గుర్తు ఒక్కటే. చెరిగిన ప్రతిలో కీ కనిపిస్తే కో అని దిద్దుకోవడం సులువు.

మెతుకుసీమ:
రతి విలాపం ఉదాహరించి మంచి పని చేశారు, కానీ అది మీ వాదానికే ఎదురు. అక్కడ వసంతుడు ఎవరికోసం పర్యుత్సుకుడు? మన్మథుడికోసం. రఘువంశం అయిదో సర్గలో వందిమాగధులు అజుణ్ణి నిద్ర లేపే చోట “పర్యుత్సుకత్వమబలా నిశి ఖండితేవ” అని ఉంది. అక్కడ లక్ష్మికి అజుడి మీద. ప్రతిచోటా ఫలానావారికోసం అన్నది పద్యంలో దొరుకుతుంది. పాణిని కూడా “ప్రసితోత్సుకాభ్యాం తృతీయా చ” (2-3-44) అని ఉత్సుక శబ్దానికి తృతీయో సప్తమో కావాలన్నాడు. నిద్రయా ఉత్సుకః, నిద్రాయాం ఉత్సుకః అని. మన శ్లోకంలో ఆ తృతీయ ఏది? ఆ సప్తమి ఏది? లేవు. నాలుగు పాదాలూ వెతికినా దేనికోసమో చెప్పే విభక్తి లేదు. శ్లోకానికి ముందున్న వాక్యంలోనే రాజు చెప్పాడు, “ఇష్టజనవిరహాదృతేఽపి బలవదుత్కంఠితోఽస్మి” అని. ఇష్టమైనవాళ్ళు దూరం కాకపోయినా ఇంత ఉత్కంఠ ఏమిటి అని అతని ప్రశ్న. దుర్వాసుడి శాపం నాలుగో అంకం మొదట్లోనే పడింది, శకుంతల పేరే అతనికి తెలియదు. కోరిక మిగిలింది, కోరినది పోయింది. కీయా కోయా అన్నదానికన్నా నాకు ఇది పెద్ద సంగతి.

గౌతమి:
అలాగైతే తత్సమాలు రెండూ చేజారినట్టే. ఉత్కంఠ అంటే ఇవాళ తెలుగులో ఆట చివరి ఓవరు. ఉత్సుకత అంటే తెలుసుకోవాలన్న కుతూహలం. ‘సుఖంగా ఉన్న ప్రాణి కూడా ఉత్సుకత చెందుతుంది’ అని రాస్తే పాఠకుడికి అందేది వేరే అర్థం. జంతుః కూడా అంతే, దాన్ని జంతువు అని ఉంచలేం. ప్రాణి అనో జీవి అనో మార్చాలి. బెంగ అంటే సరిపోతుందా?

తీరవాసి:
సౌదాదెకు బెంగ దగ్గరే. పోర్చుగీసులో ‘మతార్ సౌదాదెష్’ అంటారు, సౌదాదెలను చంపడం. చాలాకాలానికి మనిషిని కలిసి ఆ బెంగ తీర్చుకోవడం అని. మనం ‘బెంగ తీరా చూసుకున్నా’ అంటాం. అక్కడ ‘దె’ అనే విభక్తితో ఊరిమీదో మనిషిమీదో అని చెబుతారు, ఇక్కడ ‘మీద’ అంటాం. లాటిన్‌లో ఒంటరితనం అన్న మాటనుంచి పుట్టి, సొయ్‌దాదె, సుయ్‌దాదె అని మారుతూ వచ్చింది. ఇది అనువాదానికి లొంగదన్న మాట కూడా పాతదే. 1433 నుంచి 1438 వరకు పోర్చుగల్‌ను ఏలిన దుఆర్తె రాజు తన గ్రంథంలో, లాటిన్‌లో గానీ తనకు తెలిసిన మరే భాషలో గానీ దీనికి సాటి పేరు లేదని రాసిపెట్టాడు. జపనీసు ‘నత్సుకషీ’ వేరే దారి. అది మచ్చికవడం అన్న క్రియనుంచి వచ్చింది. పాత వస్తువు కంటపడితే కలిగే ఆప్యాయత. దుష్యంతుడి స్థితి ఈ రెండూ కాదు. ఆ రెంటికీ జ్ఞాపకం ఎదురుగా ఉండాలి.

మెతుకుసీమ:
మా వైపు ‘రంది’ ఉంది. బిడ్డ మీద రంది, పంట మీద రంది. దానికీ ‘మీద’ కావాలె. ‘మీద’ లేకుండా నిలిచేది దిగులు: ‘ఎందుకో దిగులుగా ఉంది’ అంటే వాక్యం పూర్తయినట్టే. కానీ దిగులులో అందం లేదు, రమ్యాణి అన్న మొదటి మాటతో పొసగదు. గుబులులో భయం ఉంది. తహతహ, ఆరాటం తమకు ఏం కావాలో తెలిసినవాళ్ళవి. ‘వెలితి’ని ఒక్కదాన్ని ఆలోచించవచ్చు. అది వస్తువు పేరు అడగదు. అయితే అది స్థితి. భవతిలోని కదలిక రాదు. వెలితి పడడం అంటే కొంత వస్తుంది.

ఛందోబంధు:
శాకుంతలాన్ని ఇంగ్లీషు చేసిన మోనియర్ విలియమ్స్ తన పద్యంలో ఈ ఒక్క క్రియకు విషాదం ఒకటి, కోరిక ఒకటి, రెండు మాటలు పెట్టాల్సి వచ్చింది. తెలుగులో పద్యంగా చెయ్యాలనుకునేవారు మళ్ళీ వసంతతిలకానికే పోకూడదు. మనకు ఎనిమిదో అక్షరం యతి, నాలుగు పాదాలకూ ప్రాస. రెంటినీ బతికించడానికి మూలంలో లేని విశేషణాలు తోయాల్సి వస్తుంది. తేటగీతిలో ప్రాస బాధ లేదు. ఒక ప్రయత్నం:

చూడ ముచ్చటౌ రూపులు చూచినపుడు
తేనె లొలికెడు నాదముల్ తెలియ వినిన
సుఖము నందున్న జీవియు సొగయు నేల?
ఎఱుక లేకయె మది నెంచు నెపుడొ చెలిమి

సొగయు అన్నది పర్యుత్సుకీభవతికి. మది నెంచు అంటే మదిన్ ఎంచు, చేతసా స్మరతిలోని తృతీయకు సరిపడేలా.

వైయాకరణి:
గణాలు, యతులు సరిపోయాయి. సొగయు మీద అభ్యంతరం. అందులో పరవశం ఉంది, మూర్ఛ ఉంది, ఎదురు చూడడం లేదు. అది ‘ఉత్’ ఉపసర్గను మింగేసింది. నూనం కూడా పోయింది. ‘బహుశా, అంతే అయ్యుంటుంది’ అని రాజు తనలో తాను లెక్క వేసుకునే గొంతు అది. మీ పద్యంలో అది తీర్పులా ఉంది. జననాంతరం సంగతి సరేసరి.

ఛందోబంధు:
నూనం పోవడం లోపమే. జననాంతరానికి ఈ నాలుగు పాదాల్లో చోటు లేదు, సీసం ఎత్తుకోవాలి. సొగయుని వదలను, చూసి, విని పరవశించడమే మొదటి మెట్టు, బాధ దాని వెంట వస్తుంది.

తీరవాసి:
నాకు స్మరతి దగ్గర ఇంకా పెద్ద చిక్కు కనిపిస్తోంది. తెలుగులో రెండు దారులు. ‘తలుచుకుంటాడు’ అంటే కావాలని చేసే పని, అబోధపూర్వం అన్నదానికి సరిగ్గా వ్యతిరేకం. ‘గుర్తుకొస్తుంది’ అంటే ఒక వస్తువు వచ్చి ఎదురుగా నిలబడాలి. ఇక్కడ ఏదీ నిలబడలేదు, శకుంతల గుర్తుకు రాలేదు. రాకపోవడమే నాటకం.

మెతుకుసీమ:
అలంకారికుడు అభినవగుప్తుడు నాట్యశాస్త్రానికి తాను రాసిన వ్యాఖ్య అభినవభారతిలో ఈ శ్లోకాన్ని ఎత్తి చూపింది అందుకే. ఇక్కడి స్మృతి తార్కికులు చెప్పే స్మృతి కాదు, ఆ అర్థం ముందు అనుభవించినది కాదు కనక, ఇది ప్రతిభానం అని మరో పేరున్న సాక్షాత్కారం అన్నాడు. స్మరతికి తెలుగు మాట దొరకకపోవడం తెలుగు లోపం కాదు. సంస్కృతంలోనే ఆ మాటను మామూలు అర్థంలో తీసుకోవద్దని పెద్దలు హెచ్చరించారు.

ఇంకో ఆధారం మేఘసందేశం: “మేఘాలోకే భవతి సుఖినోఽప్యన్యథావృత్తి చేతః”. మబ్బు కనపడితే సుఖంగా ఉన్నవాడి మనసు కూడా మరోలా అయిపోతుంది. అదే సుఖి, అదే అపి, అదే భవతి. “కంఠాశ్లేషప్రణయిని జనే కిం పునర్దూరసంస్థే” అని వెంటనే యక్షుడి విషయానికి వచ్చేస్తాడు. యక్షుడికి తన కోరిక ఎవరో తెలుసు, దుష్యంతుడికి తెలియదు. ఒకే కవి ఒకే అనుభవాన్ని రెండు చోట్ల పెట్టి, ఒకచోట పేరు చెప్పి ఒకచోట చెప్పకుండా వదిలాడు. మేఘసందేశానికి వ్యాఖ్య రాసిన మల్లినాథుడు మా మెదకు జిల్లా కొలిచెలమ వాడు కాబట్టి ఈ శ్లోకం మీద నాకు పక్షపాతం ఎక్కువే.

ఛందోబంధు:
ఆ పాదం నా పక్షానికే వస్తుంది. “భవతి అన్యథావృత్తి” అన్నాడు, అన్యథా అంటే మార్పే, అయినా చ్వి పెట్టలేదు. మార్పు చెప్పడానికి కాళిదాసుకు ఉత్త భవతి చాలునని ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

వైయాకరణి:
‘అన్యథా’ అన్న అవ్యయం అక్కడ చ్వి చేసే పని చేస్తోంది. అది తీసేసి చూడండి, మార్పు మిగలదు. మన పాదంలో అలాంటి మాట మరొకటి లేదు కాబట్టే చ్వి కావాలి. మల్లినాథుడు శాకుంతలానికి వ్యాఖ్య రాయలేదు. కొండవీటి కుమారగిరి రెడ్డి దగ్గర మంత్రిగా ఉన్న కాటయవేముడు కాళిదాసు మూడు నాటకాలకూ ‘కుమారగిరిరాజీయం’ రాశాడు. వంగ, కాశ్మీర పాఠాల పక్కన మన దక్షిణ పాఠాన్ని పెట్టి చూడాలంటే పట్టుకోవాల్సింది ఆ వ్యాఖ్యనే. దగ్గరున్నవారు అయిదో అంకం తీసి ఇక్కడ ఏ రూపానికి వివరణ ఇచ్చాడో పెట్టగలరా?

గౌతమి:
పెట్టేవారు నాలుగో పాదం కూడా చూడండి. భావస్థిరాణి భావేన స్థిరాణి అని తృతీయా తత్పురుషమా, భావే స్థిరాణి అని సప్తమా? మొదటిదైతే వాసన (వెనకటి సంస్కారం) బలంచేత చెలిమి గట్టిపడింది, రెండోదైతే మనసులో చెలిమి నాటుకుని ఉంది. తెలుగులో ఈ రెంటికీ వాక్యాలు వేరు.

ఛందోబంధు:
సప్తమి. స్థిర శబ్దం చోటు అడుగుతుంది.

వైయాకరణి:
తృతీయ. చోటు చేతసాలో ముందే ఉంది.