"ఎ లిటిల్ లైఫ్": కష్టాలన్నీ ఒక్కడికేనా?

కాగితంపడవ:
హాన్యా యానగిహారా రాసిన ఈ నవల 2015లో వచ్చింది, ఏడొందల పేజీల పైమాటే. ఆ ఏడాది బుకర్ తుది జాబితాకూ, అమెరికా నేషనల్ బుక్ అవార్డు తుది జాబితాకూ ఎక్కింది, ఏదీ రాలేదు. ది అట్లాంటిక్ పత్రికలో రచయిత గార్త్ గ్రీన్‌వెల్ ఆకాశానికెత్తాడు. న్యూయార్క్ రివ్యూ ఆఫ్ బుక్స్‌లో విమర్శకుడు డేనియల్ మెండెల్‌సన్ ఉతికి ఆరేశాడు. నాది మెండెల్‌సన్ పక్షం. కథానాయకుడు జూడ్ అనాథ. క్రైస్తవ మఠంలో హింస, అక్కణ్ణించి తీసుకుపోయిన బ్రదర్ ల్యూక్ అనే సన్యాసి చేతిలో హింస, ఆ తర్వాత పిల్లల హోమ్‌లో, ఆపైన ట్రేలర్ అనే డాక్టరు దగ్గర. పెద్ద లాయరయ్యాక ప్రేమించినవాడూ కొట్టేవాడే. ఇన్నయ్యాక జాలి పోయి అనుమానం మొదలవుతుంది.

నిద్రపట్టనివాడు:
ఆ అతి తెలియక జరిగింది కాదండీ. అన్నీ కాస్త మోతాదు మించే ఉండాలనుకున్నానని ఆవిడే చెప్పింది. గ్రీన్‌వెల్ పట్టుకున్నదీ అదే. మెలోడ్రామా, ఒపేరా గే కళాకారులు ఎప్పట్నుంచో సొంతం చేసుకున్న రూపాలు. వాటిలో గొంతు పెంచే మాట్లాడతారు. "నిజ జీవితంలో ఇలా జరుగుతుందా" అని అక్కడ అడిగితే ఎలా?

కాగితంపడవ:
కావాలనే ఉప్పు ఎక్కువేశానంటే కూర బాగుందని తినాలా? ఆ బాధ కొంత తగ్గించమని ఆవిడ ఎడిటర్ జెరాల్డ్ హోవర్డే అడిగాడు, ఆవిడ వినలేదు. తమాషా ఏంటంటే, మెండెల్‌సన్ సమీక్ష మీద ఆ పత్రికకు ఉత్తరం రాసి దెబ్బలాడిందీ ఆయనే!

గోదారిగట్టు:
మీరిద్దరూ డోసు దగ్గరే ఆగిపోయారు. నా గొడవ వేరు. జూడ్ తన చేతులు తనే కోసుకుంటుంటే, ఆండీ అనే డాక్టరు ఏళ్ల తరబడి వాటికి కుట్లు వేసి పంపిస్తుంటాడు. జూడ్ థెరపీ వద్దంటాడు, చుట్టూ ఉన్నవాళ్లు బతిమాలి ఊరుకుంటారు. రచయిత్రికి కూడా థెరపీ మీద నమ్మకం లేదట, ఇంటర్వ్యూల్లోనే చెప్పింది. అంటే జూడ్ కోలుకునే దారి ముందే మూసేసి మనల్ని కూర్చోబెట్టి చూపిస్తోంది. విషం పెట్టేదీ, పక్కన కూర్చుని సేవ చేసేదీ ఈవిడేనని 2022లో విమర్శకురాలు ఆండ్రియా లాంగ్ చూ రాసింది. ఆ మాటకు నా ఓటు.

నిద్రపట్టనివాడు:
కోలుకోనివాళ్ల కథ రాయకూడదా గోదారిగట్టు గారూ? (ఇక్కడ స్పాయిలర్ ఉంది.) జూడ్ ప్రాణస్నేహితుడూ, తర్వాత సహచరుడూ అయిన విల్లెమ్ పోయాక, యాభై దాటిన జూడ్ ముందు చీజ్ శాండ్‌విచ్ పెడితే ప్లేటు ఎత్తి గోడకేసి కొడతాడు. ఇక తనకు దెబ్బలు తప్పవనుకుంటాడు. కానీ జూడ్‌ను దత్తత తీసుకున్న హెరాల్డే దగ్గరికొచ్చి అతన్ని కావలించుకుంటాడు. వెనక అన్ని పేజీల దెబ్బలు లేకపోతే ఆ కౌగిలికి అంత బరువెక్కడిది?

కాగితంపడవ:
అక్కడ నేనూ ఏడ్చాను. దానికి మఠం చాలు, ల్యూక్ చాలు. ట్రేలర్ భాగం మొత్తం లేపేస్తే ఆ సీనులో ఏం తగ్గుతుందో చెప్పండి.